కొత్త కెమెరా వస్తుందట... ఆగుదామా?

"అత్తా, ఇంకో ఆర్నెల్లు ఆగుదాం. కొత్తది వస్తాదంట!"

పుంగనూరు నుంచి మా ఆడపడుచు కూతురు ఫోన్ చేసి ఈ మాట అనడం అది నాలుగోసారి. సంక్రాంతికి అంది, ఉగాదికి అంది, వరలక్ష్మీ వ్రతానికి తాంబూలం తీసుకుంటూ కూడా అదే మాట.

డిగ్రీ చదివిన పిల్ల. సెలవులకు మదనపల్లెలో మా ఇంటికి వచ్చినప్పుడల్లా స్టూడియోలో వాళ్ల మామ వెనకాలే తిరిగి ఫోటోలు తీయడం నేర్చుకుంది. సీమంతాలు, ఓణీల ఫంక్షన్లు, బాలింతలు, ఉయ్యాల్లో పసిబిడ్డలు... ఇలాంటివి ఆడపిల్ల తీస్తే ఇంట్లో ఎవరికీ ఇబ్బంది ఉండదని దాని ఆలోచన. మంచి ఆలోచనే. వాళ్లమ్మ, అంటే మా వదిన, డెయిరీకి పాలు పోసి కూడబెట్టి కట్టిన చీటీ ఎత్తి లక్షా పదివేలు బీరువాలో పెట్టింది. ఇంక కొనడమే ఆలస్యం. ఆ ఆలస్యమే దాదాపు ఏడాది సాగింది!

వదిన బాధ వేరే. "నువ్వన్నా చెప్పమ్మే దానికి. దుడ్డు ఇంట్లో ఉంటే ఊరికే ఉంటాదా? మీ అన్న బోరు ఏయిద్దామంటాండాడు. మా అత్త గాజులు చేయించి పెట్టమంటాంది" అంది ఒకరోజు గొంతు తగ్గించి.

నాకు నిజంగానే భయమేసింది. ఆర్నెల్లు ఆగితే కొత్త కెమెరా వస్తుందో రాదో గానీ, సంబంధం మాత్రం తప్పకుండా వస్తుంది.

ఇంతకీ ఈ పిల్ల ఎదురుచూస్తున్నది డీఎస్‌ఎల్‌ఆర్ కోసం. పెళ్లిళ్లలో ఫోటోగ్రాఫర్ మెడలో నల్లగా, బరువుగా వేలాడుతుందే, అదే. దాని లోపల ఒక చిన్న అద్దం ఏటవాలుగా ఉంటుంది. లెన్స్‌లోంచి వచ్చిన వెలుతురును ఆ అద్దం పైకి పంపితే, అక్కడి గాజు పట్టకం దాన్ని తిప్పి మన కంటికి చూపిస్తుంది. బటన్ నొక్కగానే అద్దం పైకి లేస్తుంది, వెలుతురు వెనకాల ఉన్న సెన్సర్ మీద పడుతుంది, అద్దం మళ్లీ కిందికి దిగుతుంది. మనం వినే 'టపక్' మన్న చప్పుడు అదే. రీళ్ల కాలం నాటి ఏర్పాటే ఇది. రీలు ఉండే చోట సెన్సర్ వచ్చింది, అంతే తేడా. నికాన్ డి1 వచ్చింది 1999లో. అందులో మూడు మెగాపిక్సెళ్లు కూడా లేవు! 2003లో కెనాన్ 300డి వెయ్యి డాలర్ల లోపు ధరకు వచ్చాక మామూలువాళ్లు కూడా వీటివైపు చూడటం మొదలుపెట్టారు.

గాలివార్తల పంచాంగం

రాబోయే కెమెరా గురించి ముందే చెప్పే జోస్యులు ప్రపంచమంతా ఉన్నారు. కంపెనీ ఏదో పేటెంటు కోసం దరఖాస్తు పెట్టిందట, ఏదో దేశంలో అనుమతుల జాబితాలో కొత్త నంబరు కనపడిందట, పాత మోడల్ ధర తగ్గిందట... ఇక చూడండి, ఎన్ని మెగాపిక్సెళ్లో, ఏ నెలలో వస్తుందో, ఎంత ధరో అన్నీ చెప్పేస్తారు. మా మేనకోడలు రాత్రి పదకొండు దాకా చదివేది ఇవే.

వీళ్లు చెప్పేదంతా తప్పనీ అనలేం. చాలా ఏళ్లు వీళ్లకు ఒలింపిక్స్ మంచి పంచాంగంగా పనికొచ్చింది. ఆటలు జరిగే ఏడాదికల్లా పెద్ద కంపెనీలు తమ పెద్ద కెమెరాను దించేవి. నికాన్ డి4 2012లో, డి5 2016లో, డి6 2020లో వచ్చాయి. కెనాన్‌దీ ఇదే వరస. కాబట్టి 2024లో ఇంకో అద్దం కెమెరా వస్తుందని లెక్కలు కట్టినవాళ్లున్నారు. 2024 వచ్చింది, పారిస్‌లో ఆటలూ జరిగాయి. ఆ ఏడాది కెనాన్ ప్రకటించిన పెద్ద కెమెరా ఆర్1. దాని లోపల అద్దమే లేదు!

నిజానికి సూచనలు అంతకుముందే కనిపించాయి. 2018లో కెనాన్, నికాన్ రెండూ పెద్ద సెన్సర్‌తో అద్దం లేని కెమెరాలు తెచ్చాయి. వీటినే మిర్రర్‌లెస్ అంటున్నారు. 2020లో మొదటిసారిగా వీటి సంఖ్య అద్దం ఉన్నవాటిని దాటింది. 1డిఎక్స్ మార్క్ 3 తమ చివరి పెద్ద డీఎస్‌ఎల్‌ఆర్ అవుతుందని కెనాన్ అధినేత ఫుజియో మిటరాయ్ 2021 డిసెంబరులో ఒక జపాన్ పత్రికకు చెప్పేశారు. 2022లో నికాన్ కూడా కొత్తవి రూపొందించడం మానేస్తోందని మరో జపాన్ పత్రిక రాస్తే, అదంతా ఊహాగానమనీ, తయారీ, అమ్మకం, సర్వీసు కొనసాగుతున్నాయనీ కంపెనీ జవాబిచ్చింది. జాగ్రత్తగా చదవండి. 'తయారు చేస్తున్నాం' అన్నదే గానీ 'కొత్తది తెస్తాం' అనలేదు! ఆడపెళ్లివారికి మగపెళ్లివారు 'ఇంటికెళ్లి కబురు చేస్తాం' అన్నట్లుంది.

2020 తర్వాత ఆ రెండు పేర్లతో కొత్త డీఎస్‌ఎల్‌ఆర్ రాలేదు. ఇక వస్తుందని నేను అనుకోవడం లేదు. పెంటాక్స్ ఒక్కటే ఈ పద్ధతిని వదలమని పట్టుబట్టి కూచుంది. 2021లో ఒకటి, 2023లో నలుపు తెలుపు ఫోటోలు మాత్రమే తీసే ఇంకొకటి తెచ్చింది. కానీ దానికి లెన్సులు వెతకాలంటే మన ఊళ్లలో అయ్యే పని కాదు.

మా ఇంటి నిర్వాకం

ఆ పిల్లను అనడానికి నాకేం అర్హత ఉంది లెండి. ఎదురుచూపుల్లో మా వారు దానికి గురువు.

2011లో మా చేతికీ చీటీ డబ్బు వచ్చింది. అప్పట్లో మా దగ్గరున్నది నికాన్ డి90. పెళ్లిమండపాల్లో రాత్రి ముహూర్తాలకు ఇంకాస్త మంచిది కావాలి. డి700 అనే కెమెరా అప్పటికే మూడేళ్లుగా బజార్లో ఉంది. ఈయన మాత్రం దాని తర్వాతది వస్తుందట, అది కొందాం అన్నారు. మార్చిలో జపాన్‌లో భూకంపం, సునామీ. సెండాయ్‌లోని నికాన్ ఫ్యాక్టరీ దెబ్బతింది. అక్టోబరులో థాయ్‌లాండ్ వరదలకు అయుత్తయలోని వాళ్ల ఫ్యాక్టరీలోకి నీళ్లొచ్చాయి. ఎక్కడి థాయ్‌లాండ్, ఎక్కడి మదనపల్లె! ఆ వరద మా ఇంటి లెక్కల దాకా వచ్చింది.

చివరికి 2012 ఫిబ్రవరిలో డి800ను ప్రకటించారు. పన్నెండు మెగాపిక్సెళ్ల తర్వాత పద్దెనిమిదో, ఇరవైనాలుగో వస్తాయనుకుంటే ఏకంగా ముప్ఫై ఆరు! ధర మా చీటీకి అందలేదు. పైగా అంత పెద్ద ఫైళ్లు తెరవాలంటే మా కంప్యూటర్‌ను కూడా మార్చాలి. ఈలోపు మాఘమాసం ముహూర్తాలు పోయాయి. నాలుగు పెళ్లిళ్లు పక్క స్టూడియోకు వెళ్లిపోయాయి. ఇప్పటికీ కూరలో ఉప్పు తక్కువైతే ఆయనేమన్నా అంటారేమో గానీ, కెమెరాల ఊసెత్తితే మాత్రం నోరు మెదపరు.

ఆగినవాళ్లకు లాభమే రాదా అంటే, వస్తుంది. 2019 జనవరి నుంచి డిజిటల్ కెమెరాల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి దిగింది. 2018 డిసెంబరులో కొన్నవాళ్లు తలపట్టుకున్నారు. ఆ తీర్పు మాత్రం ఏ జోస్యుడి చలవా కాదు, జీఎస్టీ కౌన్సిల్‌ది.

ఆ 2012లోనే, మిగిలిన డబ్బులో కొంత పెట్టి మా వారు ఒక పని చేశారు. 85 ఎం.ఎం. లెన్స్ ఒకటి, పాత రకం, సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. దానికంటే కొత్తది అప్పుడే వచ్చింది కాబట్టి ఇది చవగ్గా దొరికింది. డి90 మూలన పడి చాలాకాలమైంది. ఆ లెన్స్ మాత్రం నిన్న కూడా పనిచేసింది.

కెమెరాకన్నా కన్ను ముఖ్యం

బాడీ పాతబడినంత త్వరగా లెన్స్ పాతబడదు. నికాన్ తన డీఎస్‌ఎల్‌ఆర్‌లకు లెన్స్ బిగించే కట్టును 1959లో మొదలుపెట్టి అద్దం కెమెరాల్లో చివరిదాకా నిలుపుకుంది. కెనాన్ 1987లో కట్టు మార్చేస్తే అంతకుముందు కొన్న లెన్సులు కొత్త బాడీలకు నేరుగా పనికిరాకుండా పోయాయి. అద్దం లేని వాటికి మళ్లీ కొత్త కట్లు వచ్చాయి. పాత లెన్సులకు అడాప్టర్ ఇచ్చారనుకోండి. కానీ నికాన్ అడాప్టర్‌తో మా 85 లాంటి పాత రకం లెన్సులు తమంతట తాము ఫోకస్ చేసుకోవు. మనం చేత్తో తిప్పుకోవాలి. సీమంతంలో గాజులు తొడిగే క్షణం మన ఫోకస్ కుదిరేదాకా ఆగుతుందా?

ఏ లెన్స్ కొనాలన్నది తీసే పనిని బట్టి. రిషీవ్యాలీకి, హార్స్‌లీ హిల్స్‌కు పిట్టల కోసం వచ్చేవాళ్లను చూశాను. పసుపుపచ్చ గొంతున్న బుల్బుల్ పిట్ట బండల మధ్య ఎక్కడో కూచుంటుంది. దానికి మన చెయ్యంత పొడవు లెన్స్ కావాలి. ఇంట్లో, ట్యూబులైటు కింద, నలుగురు ముత్తైదువుల మధ్య దానితో ఏం పని? ఇక్కడ కావలసింది వెలుతురు ఎక్కువ తాగే లెన్స్. కెమెరాతో పాటు వచ్చే మామూలు జూమ్ లెన్స్ చివరికంటా లాగితే 5.6 దగ్గర ఆగుతుంది. 1.8 అని రాసున్న లెన్స్‌లోకి దానికి తొమ్మిది రెట్లకు పైగా వెలుతురు వస్తుంది. అంకె తగ్గేకొద్దీ కన్ను పెద్దదన్నమాట.

అద్దం లేనివి బాగుండవా? బాగుంటాయి. మనిషి కంటిని అవే వెతికి పట్టుకుంటాయి, నిద్రపోయే బిడ్డ లేవకుండా చప్పుడు చేయకుండా తీస్తాయి. డబ్బుంటే అవే కొనుక్కోండి. బ్యాటరీ మాత్రం త్వరగా తాగేస్తాయి, అదనంగా రెండు పెట్టుకోవాలి. మా పిల్ల దగ్గరున్నది లక్షా పదివేలు. అందులోనే బాడీ, లెన్స్, ఫ్లాష్, కార్డులు, బ్యాగు అన్నీ రావాలి.

ఒకమాట చెప్పాలి. ఆడవాళ్లకు ఆడవాళ్లే ఫోటో తీయాలన్నది మా మేనకోడలు కనిపెట్టిందేం కాదు. హైదరాబాదులో ఆరో నిజాం కొలువులో ఫోటోగ్రాఫర్‌గా పేరు పొందిన రాజా దీన్‌దయాళ్ 1892లోనే అక్కడ జెనానా స్టూడియో తెరిచారు. పరదా పాటించే స్త్రీల కోసం ప్రత్యేకంగా పెట్టింది. దాన్ని నడిపింది కెన్నీ-లెవిక్ అనే ఆంగ్ల మహిళ. బయటివాళ్ల కన్ను పడకుండా చుట్టూ ఎత్తయిన గోడలుండేవట. ఇన్నేళ్ల తర్వాత, ఇన్ని కెమెరాలొచ్చాక కూడా మన చిన్న ఊళ్లలో బాలింత గదిలోకి కెమెరాతో వెళ్లగల ఆడమనిషి కావాలంటే వెతుక్కోవాల్సిందే. ఆ ఖాళీ చూసిన పిల్ల, వచ్చే మోడల్ కోసం ఆగి కూచుందే అన్నదే నా బాధ.

మొత్తానికి ఒక ఆదివారం నేనూ, మా వారూ పుంగనూరు బయల్దేరాం. దారి పొడవునా టమోటా లారీలే. వదిన ఇంట్లో ఉగ్గాని తిని, పిల్లను కూచోబెట్టి మా 2011 కథంతా చెప్పాను. ఆయన తల వంచుకుని కాఫీ తాగుతున్నారు. కథ అయ్యాక తనే లేచి సంచిలోంచి 85 తీసి పిల్ల చేతిలో పెట్టారు. "దీనికి సరిపోయే బాడీ చూసుకో. దీన్ని లోపలినుంచి తిప్పే మోటారు ఉన్నదే కొనాలి" అన్నారు.

బెంగళూరులో ఒక ఫోటోగ్రాఫర్ మిర్రర్‌లెస్‌కు మారుతూ తన డి750 అమ్ముతున్నాడని తెలిసి వెళ్లారు. 2014లో వచ్చిన మోడల్. సెకండ్ హ్యాండ్‌లో కొనేటప్పుడు షట్టర్ ఎన్నిసార్లు కొట్టిందో చూడాలి. స్కూటర్‌కు కిలోమీటర్లు చూసినట్లే. ఆ లెక్క తీసిన ఫోటో ఫైల్లోనే దాగి ఉంటుంది. ఈ మోడల్‌కు లక్షా యాభైవేలని కంపెనీ అంచనా, ఇది అరవైవేల దగ్గరుంది. లెన్స్‌లోకి టార్చి వేసి బూజు దారాలు పాకాయేమో చూశారు. మబ్బు పట్టిన రోజుల్లో గాలి తగలని బీరువాలో లెన్స్ పెడితే పట్టేది అదే. డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి పెట్టుకోవాలి. తెల్ల కాగితం ఫోటో తీసి సెన్సర్ మీద మచ్చలున్నాయేమో చూశారు. నలభై ఎనిమిది వేలకు తెగింది. ఫ్లాష్, రెండు బ్యాటరీలు, కార్డులు పోను మిగిలింది వదిన మళ్లీ బీరువాలో పెట్టి తాళం చెంగుకు ముడేసుకుంది.

మొదటి పని కుప్పంలో సీమంతం. పిల్ల ఒక్కతే బస్సులో వెళ్లొచ్చింది. ఆ ఇంటి పెద్దావిడ సగం తమిళం, సగం తెలుగులో "నువ్వేనా ఫోటోలు తీసే అబ్బోడు?" అని అడిగిందట. కడుపుతో ఉన్న పిల్ల మంచం మీద వాలి, కాళ్లు చాపుకుని, వాళ్లమ్మ జడ వేస్తుంటే నవ్వుతున్న ఫోటో నాకు పంపింది. కిటికీ వెలుతురు తప్ప వేరే లైటు లేదు. మా వారు కళ్లజోడు పైకి నెట్టి చాలాసేపు చూశారు.

రాత్రి ఫోన్ చేసింది. "అత్తా, మామను అడుగు. 85 ఎప్పుడు తెచ్చియ్యాల?"

అడిగాను. ఆయన పేపర్లోంచి తలెత్తకుండానే అన్నారు:

"ఇంకో కొత్తది వస్తాదంట. అంతదాకా ఉంచుకోమను."