ఇద్దరు ముఖ్యమంత్రుల ఊళ్లు

2024 జూన్ 12న కొటియా కొండలకు ఒక్క రోజులో ఇద్దరు కొత్త ముఖ్యమంత్రులు వచ్చారు. పొద్దున గన్నవరం దగ్గర కేసరపల్లిలో చంద్రబాబు నాయుడు ప్రమాణం చేశారు. సాయంత్రం భువనేశ్వర్‌లో మోహన్ చరణ్ మాఝీ చేశారు. ప్రధాని మోదీ రెండు సభలకూ హాజరయ్యారు. మిగతా దేశానికి అవి రెండు వేర్వేరు వార్తలు. సాలూరుకు పైన, ఆంధ్ర, ఒడిశా హద్దు మీద ఉన్న 21 గిరిజన గ్రామాలకు మాత్రం రెండూ ఇంటి వార్తలే.

వాళ్ల ప్రజాప్రతినిధుల చిట్టా విప్పితే ఇలా ఉంటుంది. ఆంధ్ర లెక్కలో ఎమ్మెల్యే సాలూరు నుంచి గెలిచిన తెలుగుదేశం నాయకురాలు గుమ్మిడి సంధ్యారాణి, ఎంపీ అరకు నుంచి గెలిచిన వైఎస్సార్ కాంగ్రెస్ సభ్యురాలు తనూజారాణి. ఒడిశా లెక్కలో పొట్టంగి ఎమ్మెల్యే రామచంద్ర కదమ్, కోరాపుట్ ఎంపీ సప్తగిరి ఉలాకా. ఈ ఇద్దరూ కాంగ్రెస్ వాళ్లు. ఇటు ప్రభుత్వం తెలుగుదేశం కూటమిది, అటు బీజేపీది. ఇంతమంది దొరికినా, ఆ ఊళ్లు ఏ రాష్ట్రానివో చెప్పే నాథుడు ఇంకా దొరకలేదు.

ఆ ఏడాది మే 13న రెండు వైపులా ఒకే రోజు పోలింగ్ జరిగింది. 2019లో ఏప్రిల్ 11న కూడా అంతే. కొటియా జనం రెండు రాష్ట్రాలకూ ఓటేశారని రెండుసార్లూ పత్రికలు రాశాయి. నిబంధన ప్రకారం ఎడమ చూపుడువేలికి సిరా చుక్క ఉన్న మనిషికి మళ్లీ ఓటు ఇవ్వకూడదు. 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం ఒకే పేరు రెండు నియోజకవర్గాల జాబితాల్లో ఉండకూడదంటుంది. 1951 చట్టం రెండు నియోజకవర్గాల్లో ఓటేయకూడదంటుంది. ఇదే పని విజయనగరం పట్టణంలో ఎవరైనా చేస్తే దొంగ ఓటంటాం, కేసు పెడతాం. కొటియాలో ఆ రెండో ఓటరు కార్డు అచ్చేసి చేతిలో పెట్టింది ప్రభుత్వమే. పేరు చేర్చిన ఉద్యోగి తన డ్యూటీ తాను చేశాడు. తీసెయ్యమంటేనే వస్తుంది చిక్కు. ఏ రాష్ట్రం ముందు తీసేస్తే ఆ రాష్ట్రం ఊరు వదులుకున్నట్టే.

పొలం గట్టు తగాదాల్లో అడంగల్‌లో అనుభవదారు పేరు ఎక్కించుకోవడానికి అన్నదమ్ములు ఎన్ని తిప్పలు పడతారో మనకు తెలుసు. కొటియాలో ఓటరు జాబితా అలాంటి కాగితమే. పోలింగ్ కేంద్రం పెట్టాం, రేషన్ ఇచ్చాం, పింఛను ఇచ్చాం, బడి కట్టాం అని రేపు ఎవరో అడిగితే చూపించడానికి రెండు ప్రభుత్వాలూ రుజువులు పోగేస్తున్నాయి. ఎన్నిక కూడా ఆ రుజువుల్లో ఒకటైపోయింది.

ఈ చిక్కు ఇవాళ్టిది కాదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం పుట్టేదాకా ఈ కొండలన్నీ మద్రాసు రాష్ట్రంలో విశాఖపట్నం జిల్లావే. జయపురం సంస్థానం కొత్త రాష్ట్రానికి పోయింది. సాలూరు, పాచిపెంట జమీలు మద్రాసులో ఉండిపోయాయి. మధ్యలో అడవిలో గీత ఎక్కడ పడిందన్నదే తగువు. చిత్రమేమిటంటే, ఆ రోజున మద్రాసు ముఖ్యమంత్రి ఎవరో కాదు, ఈ కొండల కిందే ఉన్న బొబ్బిలి సంస్థానాధీశుడు రామకృష్ణ రంగారావు. సరిగ్గా ఏడాదికి ఒడిశా తొలి ప్రధానిగా (రాష్ట్ర ప్రభుత్వాధినేతను అప్పట్లో అలాగే పిలిచేవారు) కుర్చీ ఎక్కింది పర్లాకిమిడి మహారాజు కృష్ణచంద్ర గజపతి. రెండు ప్రభుత్వాలకూ పెద్దలు ఈ చుట్టుపక్కల వాళ్లే. అయినా హద్దు మీద కొండల్లో కొన్ని ఊళ్లు ఎటూ కాకుండా మిగిలిపోయాయి.

1937 ఎన్నికల్లో బొబ్బిలి రాజాను ఆయన గడ్డ మీదే ఓడించిన కాంగ్రెస్ అభ్యర్థి వి.వి.గిరి. ఇరవై ఏళ్ల తర్వాత అదే గిరికి ఈ కొండ ప్రాంతం ఇంకో పాఠం చెప్పింది. 1957లో పార్వతీపురం ద్విసభ్య లోక్‌సభ నియోజకవర్గం. రెండు సీట్లలో ఒకటి గిరిజనులకు రిజర్వు, రెండోది జనరల్. రిజర్వు సీటు ఒక గిరిజన అభ్యర్థికి దక్కింది. జనరల్ సీటూ గిరిజనుడైన డిప్పల సూరిదొరకే పోయింది. కొద్దిపాటి తేడాతో గిరి ఓడారు. సుప్రీంకోర్టు దాకా వెళ్లి, రిజర్వు సీటుకు నామినేషన్ వేసిన మనిషి జనరల్ సీటు ఎలా తీసుకుంటాడని వాదించారు. అక్కడితో ఆగలేదు. సూరిదొర ఇప్పుడు గిరిజనుడే కాదు, క్షత్రియుడైపోయాడన్నారు. 1959లో కోర్టు మెజారిటీ తీర్పు రెండు వాదనలనూ తోసిపుచ్చింది. ద్విసభ్య నియోజకవర్గాలను పార్లమెంటు 1961లో ఎత్తేసింది. గిరి తర్వాత రాష్ట్రపతి అయ్యారనుకోండి, అది వేరే కథ. ఈ కొండల్లో ఓటు ఎప్పుడు చర్చకు వచ్చినా ‘ఇంతకీ నువ్వెవరివి?’ అనే ప్రశ్న దగ్గరికే వస్తుంది. అప్పుడు కులం అడిగారు, ఇప్పుడు రాష్ట్రం అడుగుతున్నారు.

కొటియా దావాను ఒడిశా 1968లో సుప్రీంకోర్టులో వేసింది. ఉన్నది ఉన్నట్టు ఉంచమని ఆ డిసెంబరులోనే ఉత్తర్వు వచ్చింది. 2006లో దావా తేలకుండానే ముగిసింది. ‘ఉన్నది ఉన్నట్టు’ మాత్రం మిగిలింది. రాష్ట్రాల హద్దులు మార్చే అధికారం రాజ్యాంగం మూడో అధికరణం కింద పార్లమెంటుది. అక్కడ ఈ పేరెత్తడం ఎవరికీ లాభం కాదు.

2021 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ ఇక్కడ మూడు పంచాయతీలకు ఎన్నికలు పెట్టింది: గంజాయిభద్ర, పట్టుచెన్నూరు, పగులుచెన్నూరు. మా ఊళ్లకే పేర్లు మార్చి ఎన్నిక పెడుతున్నారంటూ ఒడిశా కోర్టు ధిక్కారం పిటిషన్ వేసింది. ఓటింగ్ మాత్రం జరిగిపోయింది. మరుసటి ఫిబ్రవరిలో ఒడిశా తన పంచాయతీ ఎన్నికలు జరిపింది. అలా ఏడాది తిరిగేసరికి ఒకే ఊరిపై అటొక సర్పంచ్, ఇటొక సర్పంచ్. ఈ రెండు ఎన్నికల మధ్యలో, 2021 నవంబరు 9న, జగన్మోహన్ రెడ్డి భువనేశ్వర్ వెళ్లి నవీన్ పట్నాయక్‌ను కలిశారు. వంశధార మీద నేరడి బ్యారేజీ, జంఝావతి, కొటియా మూడూ మాట్లాడుకుని, ప్రధాన కార్యదర్శులతో కమిటీ వేద్దామన్నారు. ఇద్దరు ముఖ్యమంత్రులూ 2024లో అధికారం పోగొట్టుకున్నారు. కొటియా ఎక్కడిదక్కడే ఉంది.

ఇప్పుడైనా తేలుతుందా? అటూ ఇటూ ఎన్డీయే ప్రభుత్వాలే కదా, ఢిల్లీ పిలిచి కూర్చోబెడితే సరిపోదా అని అడిగేవాళ్లున్నారు. నాకైతే నమ్మకం లేదు. 2024లో ఒడిశా 21 లోక్‌సభ స్థానాల్లో 20 బీజేపీకి ఇచ్చింది. మిగిలిన ఆ ఒక్కటీ కొటియా ఉన్న కోరాపుట్. ఆంధ్రలో తెలుగుదేశం 16 గెలిచి కేంద్రాన్ని నిలబెట్టింది. వీళ్లలో ఎవర్ని నొప్పించమంటారు? రాష్ట్రం లోపల చూసినా, పార్టీలు మిగతా అన్ని విషయాల్లో జుట్లు పట్టుకుంటాయి గానీ కొటియా దగ్గర గొంతు కలుపుతాయి. ఒక్క ఊరు వదులుకున్నాడన్న మాట ప్రత్యర్థి నోటికి అందించడానికి ఏ నాయకుడూ సిద్ధంగా లేడు. సాలూరులో మొన్నటి గెలుపు తేడా 13 వేల పైచిలుకు. వరుసగా గెలుస్తూ వచ్చి ఉప ముఖ్యమంత్రి కూడా అయిన పీడిక రాజన్నదొర ఆ తేడాతో ఓడారు. కొండ మీది కొన్ని వేల ఓట్లను అటూ ఇటూ ఎవరూ తేలిగ్గా తీసుకోరు.

రెండు చేతులా దండుకుంటున్నారని మైదానంలో ఎత్తిపొడిచేవాళ్లు కొందరుంటారు. రెండు బియ్యం కార్డులు నిజమే. పిల్లవాడు ఒడియా బడిలో చదివి ఆంధ్రలో సీటు కోసం వెళ్తే ఏమవుతుందో కూడా చూడాలి. గిరిజన తెగల జాబితా ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రానిదే. ఒక రాష్ట్రం ఇచ్చిన ఎస్టీ సర్టిఫికెట్‌తో పక్క రాష్ట్రంలో రిజర్వేషన్ దొరకదు. ఇళ్లలో మాట్లాడేది కువి. బడిలో ఒకచోట ఒడియా, ఇంకోచోట తెలుగు. అల్లం, పసుపు దించుకుని జనం సాలూరు సంతకే వస్తారు, వాళ్ల ఒడిశా జిల్లా ఆఫీసులు ఘాట్ రోడ్డెక్కి పోతే ఎక్కడో కోరాపుట్‌లో. ఎక్కడ అర్జీ పెట్టినా ‘మీరు ఆ రాష్ట్రం వాళ్లు కదా’ అనే అవకాశం గుమాస్తాకు ఎప్పుడూ ఉంటుంది.

ఈ తంతు మనకొక్కరికే కాదు. కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా కెరమెరి మండలంలో పరందోళి, ముకదంగూడ లాంటి పల్లెలు తెలంగాణకూ మహారాష్ట్రకూ ఓట్లేస్తాయి. బెళగావి కోసం మహారాష్ట్ర 2004లో వేసిన దావా ఇంకా నడుస్తోంది.

కొటియాలో ఆంధ్ర కావాలని కలెక్టరేటుకు అర్జీలిచ్చినవాళ్లున్నారు, ఒడిశా జెండా పట్టుకున్నవాళ్లూ ఉన్నారు. ఏ ప్రభుత్వం ఊరేగింపు తీస్తే ఆ ప్రభుత్వానికి కావలసిన జనం కనపడతారు. రాజ్యాంగం ఐదో షెడ్యూలు, గిరిజన గ్రామసభలకు అధికారమిచ్చే 1996 నాటి పెసా చట్టం హద్దుకు రెండు పక్కలా వర్తిస్తాయి. రెండు రాష్ట్రాల అధికారులూ ఒకే రోజు, ఒకే చెట్టు కింద కూర్చుని గ్రామసభ పెట్టి అడగడానికి అడ్డేమీ లేదు. అలా అడగాలంటే, వచ్చిన జవాబుకు ఇద్దరూ కట్టుబడాలి.

అంతకన్నా ముందే ఇంకో పరీక్ష ఉంది. దేశ జనాభా లెక్కలకు 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా కేంద్రం ప్రకటించింది. ఓటరు జాబితాలు రెండుండవచ్చు గానీ, జనాభా లెక్కల్లో మనిషి ఒక్కసారే ఎక్కాలి. పార్వతీపురం నుంచి వచ్చే ఎన్యూమరేటర్, కోరాపుట్ నుంచి వచ్చే ఎన్యూమరేటర్ ఆ ఇళ్ల ముందు ఎదురుపడితే ఎవరు పేరు రాసుకోవాలో రెండు రాష్ట్రాలు కలిసి చెప్పాలి.