పిల్లలు తెచ్చిన వైఫై స్పీకరు ఎవరి ఫోనుతో కలపాలి?

సెలవుకు వచ్చే పిల్లలు తల్లిదండ్రుల కోసం తెచ్చే వస్తువులు కాలంతో పాటు మారుతూ వచ్చాయి. ఒకప్పుడు టేప్‌రికార్డరు, తర్వాత డీవీడీ ప్లేయరు, ఆ తర్వాత పెద్ద తెర ఫోను. ఇప్పుడు వైఫై స్పీకరు. కువైట్ నుంచి వచ్చినా, డల్లాస్ నుంచి వచ్చినా, అంత దూరం లేకుండా బెంగళూరు నుంచి వచ్చినా సూట్‌కేసులో బట్టల మధ్య ఆ డబ్బా ఉంటోంది. వచ్చినవారు దాన్ని వైఫైకి కలుపుతారు. పది రోజులు ఇల్లంతా మోగుతుంది. తర్వాత వారు వెళ్లిపోతారు. ఆర్నెల్లకు చూస్తే ఆ స్పీకరు టీవీ పక్కన గుడ్డ కప్పుకుని కూర్చుని ఉంటుంది. అడిగితే "ఏమో, మోగడం లేదు. అబ్బాయి వచ్చాక చూస్తాడులే" అంటారు.

దాతలైన మీలో చాలామంది ఇళ్లలో ఇలా మూగబోయిన స్పీకరు ఒకటైనా ఉండే ఉంటుంది. వాటిలో నిజంగా చెడిపోయినవి తక్కువేనని మా అనుభవం. అందుకే ఈ సంచికలో ఈ విషయం కొంచెం వివరంగా రాస్తున్నాం. చూపు మందగించిన పెద్దవారికి ముందు పేపరు దూరమవుతుంది, ఆ తర్వాత ఫోను తెర మీది అక్షరాలూ ఆనవు. పొద్దున కాసేపు ఖుర్ఆన్ పారాయణం, తర్వాత ఆకాశవాణి తెలుగు వార్తలు, ఇంకో వేళ హైదరాబాద్ కేంద్రం వారి ఉర్దూ కార్యక్రమం నైరంగ్. వీటిని ఎవరినీ బతిమాలకుండా, మీటలు వెతుక్కోకుండా వినగలిగితే ఆ మనిషికి రోజు గడిచే తీరే వేరు. ఇంట్లో మూగబోయిన స్పీకరు ఉందంటే ఆ పెద్దవారు మళ్లీ మనవడి తీరిక కోసం ఎదురు చూస్తున్నారని అర్థం.

ముందు ఒక తేడా తెలుసుకోవాలి. బ్లూటూత్ స్పీకరుకు శబ్దాన్ని పంపేది మన చేతిలోని ఫోనే. ఫోను దాదాపు పది మీటర్ల లోపు ఉండాలి. ఫోను పట్టుకుని బజారుకు వెళ్తే స్పీకరు ఆగిపోతుంది. మధ్యలో ఎవరైనా ఫోన్ చేస్తే వార్తలు ఆగి రింగుటోను మోగుతుంది. వైఫై స్పీకరు పద్ధతి వేరు. ఫోను దానికి 'ఇది వినిపించు' అని చెప్పి పక్కకు తప్పుకుంటుంది. ఆ తర్వాత స్పీకరే ఇంటి రౌటరు ద్వారా ఇంటర్నెట్ నుంచి నేరుగా తెచ్చుకుంటుంది. ఫోను స్విచాఫ్ అయినా పారాయణం సాగుతూనే ఉంటుంది. అంటే ఈ స్పీకరుకు ఇంట్లో ఫోను కన్నా రౌటరే ముఖ్యం. డేటా ఖర్చు గురించి భయం అక్కర్లేదు. సెకనుకు 128 కిలోబిట్ల నాణ్యతతో గంట సేపు వింటే అయ్యేది సుమారు 58 ఎంబీ. రోజుకు ఎనిమిది గంటలు విన్నా అర జీబీ దాటదు.

కలిపే ముందు రౌటరు ఎక్కడుందో చూడండి. మన ఇళ్లలో దాన్ని టీవీ వెనుకో, బీరువా పైనో, తీగ లోపలికి వచ్చిన కిటికీ దగ్గరో వదిలేస్తారు. ఇనప బీరువా వైఫైకి గోడ కన్నా పెద్ద అడ్డు. ఇటుకతో కట్టిన తొమ్మిదంగుళాల గోడలు రెండు దాటాక సిగ్నలు బాగా నీరసిస్తుంది, స్లాబు దాటి మేడ మీదికి వెళ్లాలంటే ఇంకా కష్టం. రౌటరును ఇంటి మధ్యలో, ఛాతీ ఎత్తుకు పైన, నలువైపులా ఖాళీ ఉండేలా పెడితే సగం ఫిర్యాదులు తీరిపోతాయి. స్పీకరును వంటగదిలో మైక్రోవేవ్ పక్కన మాత్రం పెట్టకండి. అది పనిచేసేదీ 2.4 గిగాహెర్ట్జ్ దరిదాపుల్లోనే. బిర్యానీ వేడి అవుతున్నంతసేపూ వార్తలు తెగి తెగి వస్తాయి.

ఆ 2.4 సంగతి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే ఎక్కువమంది తికమకపడేది ఇక్కడే. ఇప్పటి రౌటర్లు చాలావరకు రెండు రకాల సిగ్నళ్లు ఇస్తాయి. 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నలుకు వేగం తక్కువ, గోడలు దాటే శక్తి ఎక్కువ. 5 గిగాహెర్ట్జ్‌ది వేగం ఎక్కువ, గోడ అడ్డొస్తే త్వరగా తగ్గిపోతుంది. కొన్ని ఇళ్లలో ఈ రెండూ వేర్వేరు పేర్లతో కనిపిస్తాయి, రెండో పేరు చివర 5జీ అని ఉంటుంది. అది సిమ్ కార్డులో వచ్చే 5జీ కాదు. స్పీకరుకు 2.4 చాలు. చవక రకాలు, పాతవి కొన్ని అసలు దాన్ని తప్ప ఇంకొకటి చూడలేవు. కాబట్టి కలిపేటప్పుడు ఫోనును కూడా ఆ పేరుకే కలిపి ఉంచడం మంచిది.

ఇక కలిపే పని. స్పీకరుకు కరెంటు ఇవ్వగానే దీపం మిణుకుమిణుకుమంటుంది. కంపెనీని బట్టి దాని రంగు నారింజ కావచ్చు, తెలుపు కావచ్చు. నన్ను ఎవరైనా వైఫైకి కలపండి అని అది అడుగుతోందన్నమాట. ఆ కంపెనీ యాప్‌ను ఫోనులో వేసుకుని తెరిస్తే అది వరుసగా అనుమతులు అడుగుతుంది. అపరిచిత యాప్‌లకు అడిగిన అనుమతులన్నీ ఇవ్వవద్దని మనమే పిల్లలకు చెబుతుంటాం, ఆ మాట సరైనదే. ఇక్కడ మాత్రం బ్లూటూత్, లొకేషన్, ఐఫోనులో అయితే లోకల్ నెట్‌వర్క్ అనే అనుమతి ఇవ్వకపోతే స్పీకరు ఎదురుగా ఉన్నా యాప్‌కు కనిపించకపోవచ్చు. పని అయ్యాక లొకేషన్ తీసేయవచ్చు. యాప్ స్పీకరును కనుక్కున్నాక మీ వైఫై పేరు ఎంచుకుని పాస్‌వర్డ్ కొట్టాలి. పెద్దక్షరాలు చిన్నక్షరాలు తేడా చూసి కొట్టండి. చివర్లో స్పీకరుకు పేరు పెట్టమంటుంది. 'హాలు', 'అమ్మీ గది' అని ఇంట్లో పిలిచే పేరే పెట్టండి. రెండో స్పీకరు కొన్న రోజు ఏది ఎక్కడుందో తెలియడానికి ఇదే దారి.

అంతా అయ్యాక కూడా 'స్పీకరు దొరకలేదు' అని యాప్ చెబితే తొంభై పాళ్లు ఫోను, స్పీకరు ఒకే వైఫైలో లేవని అనుకోవాలి. యాప్ తెరిచినప్పుడు ఫోను ఇంటి నెట్‌వర్క్‌లోకి ఒక కేక వేస్తుంది, ఈ ఇంట్లో స్పీకర్లు ఏమున్నాయి అని. స్పీకరు పలుకుతుంది. ఆ కేక రౌటరు గడప దాటి బయటకు పోదు. ఫోను మొబైల్ డేటా మీద ఉంటే, పక్కవారి వైఫైలో ఉంటే, లేదా అతిథుల కోసం పెట్టిన వేరే నెట్‌వర్క్‌లో ఉంటే ఆ కేక స్పీకరుకు చేరదు. అతిథుల నెట్‌వర్క్‌లో సాధారణంగా ఒకరికొకరు కనిపించకుండా ఏర్పాటు ఉంటుంది, అది భద్రత కోసమే. మేడ మీద సిగ్నలు కోసం రిపీటరు పెట్టుకున్న ఇళ్లలోనూ ఇదే చిక్కు. కొన్ని రిపీటర్లు తమదైన వేరే నెట్‌వర్క్ తయారుచేస్తాయి. ఫోను దానిలో, స్పీకరు కింది దానిలో ఉండిపోతాయి.

విదేశాల్లో కొన్నవాటికి రెండు జాగ్రత్తలు. అడాప్టరు మీద ఇన్‌పుట్ దగ్గర 100-240 వోల్టులు అని ఉంటే పిన్ను మార్చుకుని నిశ్చింతగా వాడవచ్చు. 120 అని మాత్రమే ఉంటే అది అమెరికా కరెంటు కోసం చేసింది, మన 230 వోల్టులకు కాలిపోతుంది. రెండోది, 2.4 సిగ్నలులో మన దేశంలో 13 చానెళ్లు వాడవచ్చు, అమెరికాలో సాధారణంగా 11 వరకే. రౌటరు 12 లేదా 13 మీద పనిచేస్తుంటే అక్కడ కొన్న స్పీకర్లు కొన్నింటికి మన వైఫై పేరే కనిపించదు. ఇంటర్నెట్ ఇచ్చేవారి మనిషిని పిలిచి 1, 6, 11లలో ఒకదానికి మార్పించండి. అయిదు నిమిషాల పని.

ఇప్పుడు అసలు విషయం. బాగా కలిపిన స్పీకరు ఆర్నెల్లకు ఎందుకు మూగబోతుంది? కలిపింది కొడుకు ఫోనుతో, కొడుకు ఖాతాతో. ఆ ఫోను కొడుకుతో పాటే వెళ్లిపోయింది. ఇంట్లో రౌటరు మార్చినా, ఇంటర్నెట్ కంపెనీ మారినా, బాగుచేయడానికి వచ్చినవారు పాస్‌వర్డ్ మార్చినా స్పీకరు పాత పాస్‌వర్డే పట్టుకుని తలుపు తడుతూ ఉంటుంది. కొత్తది చెప్పాలంటే ఆ ఖాతా ఉన్న ఫోను ఇంట్లో, స్పీకరు దగ్గర ఉండాలి. రియాద్‌లో కూర్చున్నవారు ఎంత తెలివైనవారైనా ఈ ఒక్క పనీ అక్కడి నుంచి చేయలేరు. అదీగాక తన ఖాతాతో కలిపితే తను అక్కడ వినే పాటల ఎంపికలు ఇక్కడ తండ్రి గదిలోకి వచ్చేస్తాయి, ఇక్కడివి అక్కడికి పోతాయి.

కాబట్టి స్పీకరును ఎప్పుడూ ఆ ఇంట్లో ఉండేవారి ఫోనుతోనే కలపాలి. పెద్దవారికి స్మార్ట్‌ఫోను లేకపోతే కోడలిదో, ఇంటర్ చదివే మనవరాలిదో వాడండి. దూరాన ఉన్న పిల్లలను తర్వాత కుటుంబ సభ్యులుగా చేర్చుకునే వీలు కొన్ని యాప్‌లలో ఉంది. రౌటరు మార్చాల్సి వస్తే కొత్తదానికీ పాత పేరు, పాత పాస్‌వర్డే పెట్టమని వచ్చిన మనిషికి చెప్పండి. అలా చేస్తే స్పీకరు, టీవీ, ఫోన్లు చాలావరకు వాటంతట అవే కలుస్తాయి. పాస్‌వర్డ్‌ను చీటీ మీద రాసి బీరువా తలుపు లోపలివైపు అంటించండి. ఇంట్లో దాచుకునే చీటీతో పెద్ద ప్రమాదమేమీ లేదు, అది లేక పడే అవస్థే ఎక్కువ.

కరెంటు కోతల మాట కూడా చెప్పుకోవాలి. స్పీకరును ఇన్వర్టరు లైనులో పెట్టి రౌటరును మరిచిపోతే లాభం లేదు. రౌటరు కోసమే చిన్న బ్యాటరీ పెట్టెలు దొరుకుతున్నాయి. కొనేముందు రౌటరు అడాప్టరు మీద ఎన్ని వోల్టులు ఉందో చూసుకోండి, చాలావాటికి 12.

మాట వినే స్పీకర్లలో మైకు ఉంటుంది. తనను పిలిచే మాట కోసం అది ఎప్పుడూ చెవి ఒగ్గి ఉంటుంది, పిలుపు విన్నాక మన మాటను కంపెనీ కంప్యూటర్లకు పంపుతుంది. అప్పుడప్పుడు పిలవకుండానే పిలిచారనుకుంటుంది. ఇంట్లో పెళ్లి సంబంధాల మాటలు, ఆస్తి మాటలు జరిగేచోట ఇది అందరికీ నచ్చకపోవచ్చు, ఆ అభ్యంతరం న్యాయమైనదే. ఇలాంటి స్పీకర్లలో చాలావాటికి మైకు ఆపే మీట ఉంటుంది. నొక్కితే సాధారణంగా ఎర్ర దీపం వెలుగుతుంది. మైకు ఆపినా ఫోను నుంచి వినిపించవచ్చు. ఇంతకుముందు పంపిన మాటలను యాప్‌లోకి వెళ్లి చెరిపేసుకునే వీలూ ఉంటుంది. అయితే కళ్లు కనిపించని పెద్దవారికి నోటితో అడగడమే అసలు సౌకర్యం. వారి గదిలో మైకు ఉంచి, హాలులో ఆపేయడం సబబని మాకు తోస్తుంది.

ఒకే కంపెనీవి రెండు మూడు ఉంటే యాప్‌లో గుంపుగా చేర్చి ఇల్లంతా ఒకేసారి మోగించవచ్చు. మైదానంలో సభ జరిగినప్పుడు దగ్గరి మైకు, దూరపు మైకు వేర్వేరుగా వినిపించి మాట చెదిరిపోవడం మనకు తెలుసు. శబ్దం సెకనుకు దాదాపు 340 మీటర్లే పోతుంది గనుక అలా అవుతుంది. ఇంట్లోని స్పీకర్లు తమ గడియారాలు సరిచూసుకుని, ప్రతి ముక్కనూ ఒకే క్షణాన వదులుతాయి. అందుకే గుంపుగా మోగించినప్పుడు ఒకటి రెండు సెకన్లు ఆలస్యంగా మొదలైతే అది లోపం అనుకోకండి.

కొత్తది వచ్చాక పాత స్పీకరును ఎవరికైనా ఇద్దామనుకునే దాతలకు ఒక మనవి. ఇచ్చేముందు మీ యాప్‌లోకి వెళ్లి ఆ స్పీకరును మీ ఖాతా నుంచి తొలగించండి. తర్వాత దాని మీది మీటను, పుస్తకంలో చెప్పినంతసేపు నొక్కిపట్టి కొత్తదానిలా చేయండి. అలా చేయకుండా ఇస్తే పుచ్చుకున్నవారు తమ ఫోనుతో కలపబోతే 'ఇది వేరొకరిది' అని మొరాయించే రకాలున్నాయి. మీ పేరు, మీ ఖాతా వివరాలు వారింట్లో ఉండిపోతాయి కూడా. దానితో వచ్చిన అడాప్టరునే డబ్బాలో పెట్టండి. చూడ్డానికి పిన్ను ఒకేలా ఉన్నా ఒకదానికి 12 వోల్టులు, ఇంకోదానికి 15 కావాల్సి ఉంటుంది. పుచ్చుకునేవారి ఇంట్లో వైఫై ఉందో లేదో కూడా ముందే కనుక్కోండి. లేకపోతే వారికి చార్జింగ్‌తో నడిచే బ్లూటూత్ స్పీకరో, మామూలు రేడియోనో ఇవ్వడమే మేలు.