అందరూ ఏడ్చారు... నాకు ఏడుపు రాలేదు!

"ఏందే, నీకు కండ్లల్ల నీళ్లే రాలేదా?"

మా వదినె అడిగిన ప్రశ్న ఇది. 2023 ఎండాకాలంలో సంగతి. సూర్యాపేట దగ్గర మా అత్తగారి ఊళ్లో, రాత్రి భోజనాలయ్యాక తెర కట్టి 'బలగం' సినిమా వేశారు. ఆ రోజుల్లో తెలంగాణలో చాలా ఊళ్లలో అట్లాగే వేశారు, మీకు గుర్తుండే ఉంటుంది. చాపలు, మంచాలు, ప్లాస్టిక్ కుర్చీలు... ఊరంతా అక్కడే! చివర్లో కొమురమ్మ, మొగిలయ్య దంపతుల పాట మొదలయ్యేసరికి ఆడవాళ్లందరి కొంగులూ కళ్ల దగ్గరికి వెళ్లాయి. మగవాళ్లు తువ్వాళ్లు తీశారు. మా అత్తమ్మయితే వెక్కివెక్కి ఏడ్చింది. నేను మాత్రం కొయ్యబొమ్మలా కూర్చున్నాను. పాట వింటుంటే గొంతులో ఏదో అడ్డంపడిన మాట నిజమే కానీ, కంట్లోంచి చుక్క రాలలేదు.

ఇంటికి వచ్చేదాకా వదినె నన్నే చూస్తోంది, చావింటికొచ్చి నవ్వినదాన్ని చూసినట్టు.

నేను చేసిన పొరపాటల్లా ఏమిటంటే, ఉన్నమాట చెప్పడం. "సినిమా బాగుంది వదినా, కాకపోతే నాకంత నచ్చలేదు" అన్నాను. అంతే! పండగ పూట పప్పులో ఉప్పు లేదన్నట్టయింది.

అసలు ఆ కథలో నాకు ఎక్కడ ముల్లు గుచ్చుకుందో చెబుతాను. నల్లి బొక్క కోసం బావకీ బావమరిదికీ మాటా మాటా పెరుగుతుంది. బావ అలిగి వెళ్లిపోతాడు. ఇరవై ఏళ్లు రాకపోకలుండవు. సరే, మగవాళ్ల పంతం. కానీ ఆ ఇరవై ఏళ్లూ పుట్టింటి గడప తొక్కనిది ఎవరు? లక్ష్మి. తండ్రి బతికుండగా చూసుకోలేకపోయిందెవరు? లక్ష్మి. తండ్రి శవమయ్యాక గానీ ఆమెకు దారి దొరకలేదు. చివరికి బావ, బావమరుదులు కావలించుకుంటారు, కాకి పిండం ముడుతుంది, మనం ఏడుస్తాం. ఆ ఇరవై ఏళ్ల లెక్క ఆమెకు ఎవరు చెప్పాలి?

దర్శకుడు వేణు యెల్దండి కావాలనే అట్లా చూపించి ఉండవచ్చు. బంధువుల స్వార్థాన్నీ, అప్పులు తీర్చుకోవడానికి కట్నం మీద ఆశపెట్టుకున్న కుర్రాణ్నీ వెక్కిరించిన సినిమాయే అది. అందులో మరో పాట రాసిన కాసర్ల శ్యామ్‌కు 2025లో జాతీయ అవార్డు ప్రకటించారంటే నేనూ సంతోషించాను. సినిమా చూసి, మాటలు లేని అన్నదమ్ములు కలిశారని పేపర్లలో వచ్చింది. మంచిదే కదా! నా బాధల్లా ఒక్కటే. అందరూ ఏడ్చినచోట ఏడవకపోతే మనకేదో లోపమున్నట్టు చూస్తారేం?

నలుగురితో నారాయణా...

మన ఊళ్లలో సినిమా అంటే ఒట్టి సినిమా కాదు. కోదాడలోనో, మిర్యాలగూడలోనో ఉండే ఇల్లాలికి పెళ్లిళ్లు, పేరంటాలు, గుడి కాక, నలుగురాడవాళ్లు కలిసి బయటికి వెళ్లడానికి దొరికే సాకు సినిమానే. టికెట్లు తెప్పించడం, పిల్లలకు మురుకులు కట్టడం, తిరిగొస్తూ సోడా తాగడం... అదంతా కలిపి 'బాగుంది' అంటాం. "నాకు నచ్చలేదు" అనగానే, తీసుకెళ్లినవాళ్ల మనసు నొచ్చుకుంటుంది. పైగా హీరోలందరూ ఎవరో ఒకరి సొంత మనిషే! మా ఇంట్లోనే మా ఆయనదొక హీరో, మరిదిదొక హీరో. ఒక సినిమా బాగాలేదంటే రెండు రోజులు చాయ్ అడిగే గొంతు కూడా మారిపోతుంది.

నాకీ రోగం చిన్నప్పటినుంచీ ఉంది. హైదరాబాదు నుంచి సూర్యాపేటకు వచ్చే వీడియో కోచ్ బస్సులో నేను మూడుసార్లు చూసిన సినిమా 'ఘరానా మొగుడు'. 1992లో వచ్చింది. తెలుగులో పది కోట్లు వసూలు చేసిన తొలి సినిమా అని ఇప్పటికీ చెప్పుకుంటారు. థియేటర్లో అయితే లేచి బయటికి రావచ్చు, బస్సులో ఎక్కడికి పోతాం? చౌటుప్పల్ దగ్గర మొదలైతే నకిరేకల్ దాటేదాకా తల పైనే మోత! ఫ్యాక్టరీ నడిపే ఆడమనిషి పొగరుబోతు. పనివాళ్ల నాయకుడైన హీరో ఆమెను పెళ్లాడి, ఆ పొగరు దించి, మంచి ఇల్లాలిని చేస్తాడు. బస్సంతా ఈలలు. నేను మాత్రం, ఇంత పెద్ద ఫ్యాక్టరీ నడిపే తెలివిగలావిడకు ఆ ఒక్క మగాణ్ని ఎట్లా మాట్లాడించాలో తెలియదా అని ఆలోచించేదాన్ని. చిరంజీవి డాన్సులు నాకూ ఇష్టమే సుమండీ, అది వేరే సంగతి.

తర్వాత తెలిసిందేమిటంటే, ఈ కథ తిరగని ఊరు లేదు. 1986లో కన్నడంలో 'అనురాగ అరళితు'గా వచ్చింది. తెలుగుతోపాటే 1992లో తమిళంలో 'మన్నన్' అయింది. 1994లో హిందీలో శ్రీదేవితో 'లాడ్లా' అయింది. ఒక్క మొగుడు నాలుగు భాషల్లో నలుగురు పెళ్లాలను దారిలో పెట్టాడన్నమాట! 'మన్నన్'లో ఆ తలవంచిన యజమానురాలు ఎవరనుకున్నారు? మన విజయశాంతి. 'కర్తవ్యం'లో పోలీసు ఆఫీసరుగా లాఠీ పట్టి జాతీయ ఉత్తమ నటి అవార్డు తెచ్చుకున్న విజయశాంతే!

ఆమెదే 1985 నాటి 'ప్రతిఘటన' కూడా. ఆడవాళ్లంతా మెచ్చుకున్న సినిమా, నేనూ మెచ్చుకున్నాను. కానీ అందులో కుళ్లు రాజకీయ నాయకుడి నోట మాత్రం తెలంగాణ యాస! కోట శ్రీనివాసరావు ఎంత బాగా చేశాడో అంత చిక్కొచ్చింది. ఆ తర్వాత చాలా ఏళ్లు మన మాట తెరమీద వినబడితే అది విలన్‌ది కావాలి, లేదా నవ్వించేవాడిది కావాలి. కోదాడ వాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు. అటు పది పన్నెండు మైళ్లు పోతే కృష్ణా జిల్లా మాట, ఇటు వస్తే నల్గొండ మాట. ఒకే హాల్లో ఒకే డైలాగుకు సగంమంది నవ్వితే సగంమంది నేల చూపులు చూసేవాళ్లు. 2017లో 'ఫిదా'లో సాయిపల్లవి బాన్సువాడ పిల్లగా గడగడా మాట్లాడుతుంటే మా ఇంట్లో ఆడపిల్లలు ఎగిరి గంతేశారంటే ఊరికే కాదు.

మనవాళ్ల సినిమాయే, అయినా...

ఆ 'ఫిదా' వచ్చింది జూలై 21న. సరిగ్గా ఐదు వారాలకు, ఆగస్టు 25న 'అర్జున్ రెడ్డి' వచ్చింది. తీసిన సందీప్ రెడ్డి వంగాది వరంగల్, విజయ్ దేవరకొండ తెలంగాణ కుర్రాడు. హీరో స్నేహితుడు అచ్చం మన ఊరి పిల్లాడిలా మాట్లాడతాడు. ఇన్నేళ్లకు మనవాళ్లు గెలిచారని అందరూ పొంగిపోయారు. ఇంక నేను నచ్చలేదంటే ఏం బాగుంటుంది చెప్పండి?

కోదాడలో ఇంజినీరింగ్ చదివిన మా మరిది కొడుకు నాతో గంటసేపు వాదించాడు. "పెద్దమ్మా, వాడు మంచోడని సినిమా ఎక్కడన్న చెప్పిందా? తాగుడు, కోపం, పాడైపోవుడు, అన్నీ చూపించిండు కదా" అన్నాడు. వాడన్నది తీసిపారేసే మాట కాదు. మనిషిలో లోపాలు చూపించడం తప్పయితే కథలే ఉండవు. తాగుబోతు మీద నాకు కోపం లేదు. నేను వాణ్ని అడిగిందొక్కటే. "కాలేజీలో అడుగుపెట్టిన పిల్లను, ఆమె నోరు విప్పకముందే, ఈమె నాది అని క్లాసుల్లో చాటింపేస్తాడు. తెలియని పిల్లకు ముద్దు పెడతాడు. ఆ పిల్ల మొదటి సగంలో ఎన్ని మాటలు మాట్లాడిందో లెక్కపెట్టావురా?" వాడు నవ్వి, "లెక్కపెట్టలేదు పెద్దమ్మా" అన్నాడు. మళ్లీ చూసి చెబుతానన్నాడు, ఇంతవరకూ చెప్పలేదు!

దాన్నే హిందీలో 'కబీర్ సింగ్'గా తీశాక, 2019లో ఒక ఇంటర్వ్యూలో దర్శకుడు, ప్రేమించినవాళ్ల మధ్య చెంపదెబ్బ కొట్టుకునేంత చనువు లేకపోతే అందులో ప్రేమే కనబడదన్నట్టు మాట్లాడాడు. చాలామంది మండిపడ్డారు. అదే ఏడాది ఒక గోష్ఠిలో మలయాళ నటి పార్వతి, విజయ్ దేవరకొండ అక్కడే కూర్చుని ఉండగా, ఆ సినిమా గురించి తన అభ్యంతరం చెప్పింది. అది చూసి నాకెంత హాయిగా అనిపించిందో! అరవలేదు, తిట్టలేదు. ఎదురుగా ఉన్న మనిషికే మర్యాదగా చెప్పింది.

తెర మీద హీరో వెంటబడితే పాట అవుతుంది. బయట చేస్తే 2013 నుంచి నేరం. అప్పట్లో ఐ.పి.సి. 354-డి, 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్. వద్దన్నా వెంటపడటం, ఫోనులో వేధించడం మొదటిసారి రుజువైతే మూడేళ్ల వరకూ, మళ్లీ చేస్తే ఐదేళ్ల వరకూ శిక్ష. తెలంగాణలో 2014 నుంచి షీ టీములున్నాయి. ఈ లెక్కన మన అభిమాన హీరోల్లో చర్లపల్లి జైలు తప్పేవాళ్లు ఎంతమంది? అయితే, సినిమా చూసి కుర్రాళ్లు చెడిపోయారని తీర్మానించడం కూడా నాకు ఇష్టంలేదు. ఆడపిల్లను ఏడిపించడం సినిమా పుట్టకముందూ ఉంది. కాకపోతే, ఏడిపించినవాడికి వెనక సంగీతం అప్పుడు లేదు.

మిర్యాలగూడలో ప్రేమకథ

మిర్యాలగూడలో ఉండే మా పిన్ని ప్రేమ సినిమాలు చూడటం మానేసింది. 2018 సెప్టెంబరు 14 నుంచి.

ఆ రోజు ఏం జరిగిందో రెండు రాష్ట్రాల్లో అందరికీ తెలుసు. కులం కాని కులం అబ్బాయిని ఇష్టపడి పెళ్లి చేసుకున్న అమ్మాయి. గర్భిణి. ఆస్పత్రి నుంచి బయటికి వస్తుంటే ఆమె కళ్లముందే భర్తను కత్తితో నరికి చంపారు. చంపించింది కన్నతండ్రి. 2020లో ఆ తండ్రి ఆత్మహత్య చేసుకున్నాడు. 2025 మార్చి 10న నల్గొండ కోర్టు ఒకరికి ఉరిశిక్ష, ఆరుగురికి యావజ్జీవ శిక్ష వేసింది. ఇంత దుఃఖం మీద మళ్లీ ఒక సినిమా! 2020లో రామ్ గోపాల్ వర్మ 'మర్డర్' పేరుతో తీస్తున్నానని ప్రకటిస్తే, బాధిత కుటుంబం కోర్టుకెక్కాల్సి వచ్చింది.

మా పిన్ని అనేదేమిటంటే, సినిమాల్లో పిల్ల 'వద్దు' అన్నా ప్రేమే, ఆఖరికి అందరూ అక్షింతలు వేస్తారు. ఇక్కడ పిల్ల తన నోటితో 'కావాలి' అంటే మాత్రం బతకనివ్వలేదు. రెంటిలోనూ ఆడపిల్ల మాటకే విలువ లేకుండా పోయింది. నాకు ఇంతకంటే పెద్ద సినిమా విమర్శ ఎక్కడా దొరకలేదు.

2025 నవంబరులో రష్మిక నటించిన 'ది గర్ల్‌ఫ్రెండ్' వచ్చింది. ప్రేమ పేరుతో ఊపిరాడనివ్వని కుర్రాడి నుంచి ఒక పిల్ల బయటపడే కథ. 'యానిమల్'లో చేసిన రష్మికే ఇందులోనూ చేసింది, చూశారా చిత్రం! పిన్నికి చెబితే, "చూద్దాంలే" అంది. ఇంకా చూడలేదు.

సరే, ఇంతకీ 'బలగం' రాత్రి సంగతి పూర్తి చేయలేదు.

రెండు రోజుల తర్వాత వసారాలో కూర్చుని అత్తమ్మా నేనూ చింతపండు గింజలు తీస్తున్నాం. ఏమనుకుందో ఏమో, "నువ్వు నచ్చలేదన్నవట గదా సినిమా" అంది. వదినె మోసేసింది కాబోలు అనుకుని, తిట్లకు సిద్ధపడ్డాను.

అత్తమ్మ గింజ తీసి పక్కన పడేసి, "నేను ఏడ్చింది ఆ ముసలాయన సచ్చిపోయిండని గాదు. మీ మామకు మా అన్నతోటి లొల్లైతే తొమ్మిదేండ్లు నన్ను అవ్వగారింటికి పోనియ్యలే. మా అవ్వ సచ్చినంకనే పోయిన" అంది.

పాతికేళ్లుగా ఈ ఇంట్లో ఉన్నాను. ఈ మాట నాకు తెలియదు.

"ఆఖర్ల మొగోళ్లందరు కలిసిండ్రు. ఆ పిల్లనెవ్వరన్న ఒక్కమాట అడిగిండ్రా?"

నాకేం చెప్పాలో తోచలేదు. కాసేపాగి, "మళ్లీ ఊళ్లో వేస్తే చూస్తావా అత్తమ్మా?" అన్నాను.

"సూడ. ఫోన్ల ఆ పాటొక్కటి పెట్టు, ఇంట" అంది. చేతులు తుడుచుకుని, పెట్టాను.