మల్లెకు కత్తెర పడితేనే మొగ్గ

పచ్చగా, గుబురుగా ఉన్న మల్లె పొదను చూస్తే కత్తిరించడానికి చెయ్యి రాదు. 'నిక్షేపంలాంటి మొక్కను నరుక్కోవడం ఎందుకు?' అని చాలామంది అలాగే వదిలేస్తారు. తీరా వేసవి వచ్చేసరికి తోటనిండా ఆకే, మొగ్గ మాత్రం పల్చన. మల్లె మొగ్గ వేసేది కొత్త చిగురు చివర. పాత కొమ్మ తీస్తేనే చిగురు, చిగురు ఉంటేనే పువ్వు. ఎన్టీఆర్ జిల్లా మైలవరం ప్రాంతంలోనైనా, మీ ఊళ్లోనైనా అరెకరం మల్లె మీద ఆధారపడే రైతుకు వేసవి రాబడి ఈ చలికాలం పనిలోనే ఉంది.

ఎప్పుడు?

వానలు వెనకబట్టాక నవంబరు చివరి వారం నుంచి జనవరిలోపు కత్తిరింపులు ముగించాలి. ఆలస్యమైతే మార్చిలో అందాల్సిన తొలి పూత వెనక్కిపోతుంది. కత్తిరింపుకు పది, పదిహేను రోజుల ముందు నీరు ఆపేయాలి. ఆకు చాలావరకు రాలుతుంది. మిగిలింది చేత్తో దూయవచ్చు. కొన్నిచోట్ల గొర్రెలతో మేపిస్తారు. అయితే ఇటీవల పురుగుమందు చల్లిన తోటలోకి జీవాలను తోలకండి.

తోటంతా ఒకేసారి కత్తిరించకండి. మూడు భాగాలు చేసి, పది పదిహేను రోజుల తేడాతో కత్తిరిస్తే పూత కూడా విడతలుగా వస్తుంది. మల్లెను మొగ్గగా ఉన్నప్పుడే, తెల్లవారుజామునే కోయాలి కదా! అంతా ఒక్కసారే విరగబూస్తే ఇంటిల్లిపాదీ దిగినా కోత అందదు. విచ్చిన పువ్వుకు ధర రాదు.

ఎలా?

ముందుగా ఎండిన, తెగులు సోకిన, ఒకదానికొకటి రాసుకునే కొమ్మలను మొదలంటా తీసేయాలి. మిగతావాటిని నేల నుంచి 45-50 సెంటీమీటర్ల ఎత్తున, అంటే సుమారు మూరెడు ఉంచి, కణుపుకు కాస్త పైన కోయాలి. కొడవలితో నరికితే కొమ్మ చీలి తెగులు చేరుతుంది. పదునైన సికేచరు వాడండి. లావు కొమ్మల కోతలకు బోర్డో పేస్టు పూయండి. తెగులు రెమ్మలను ఏరి కాల్చేయండి.

ఆ తర్వాత?

పాదు తవ్వి, ఒక్కో మొక్కకు 10 కిలోల మాగిన పశువుల ఎరువు, 65 గ్రాముల యూరియా, 375 గ్రాముల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్, 100 గ్రాముల మ్యూరేట్ ఆఫ్ పొటాష్ వేసి మట్టి కప్పి నీరు పెట్టాలి. ఈ రసాయనిక ఎరువులనే ఇదే మోతాదులో జూన్-జులైలో రెండో దఫా వేయాలి. మొగ్గ తొడిగే సమయంలో మొగ్గ తొలిచే పురుగును కనిపెట్టి ఉండండి.

కొన్నాళ్లు తోట మోడుల్లా కనిపిస్తుంది, దిగులు పడొద్దు. ఇంకా నమ్మకం కుదరకపోతే ఈ ఏడు నాలుగు సాళ్లు కత్తిరించి, పక్కనే నాలుగు సాళ్లు వదిలి చూడండి. ఏప్రిల్‌లో ఏ సాలు బుట్ట నిండిందో మీకే తెలుస్తుంది.