డెస్క్‌టాప్‌కు వైఫై డాంగిల్: పెట్టగానే పని చేయకపోతే ఏం చేయాలి?

జహీరాబాద్ నుంచి మళ్లీ మీ ముందుకు వచ్చాను. ఈ రోజు టాపిక్ చాలా చిన్నది, బొటనవేలి గోరంత ఉంటుంది. యూఎస్‌బీ వైఫై అడాప్టర్. మన దగ్గర అందరూ డాంగిల్ అంటారు. "దీనికి వీడియో ఎందుకన్నా, పెడితే అయిపోతది కదా" అనుకుంటున్నారా? నేనూ అదే అనుకున్నా. అనుకోవడమే కాదు, ఒకరికి అదే మాట చెప్పి దెబ్బతిన్నా. అందుకే ఈ ఎపిసోడ్.

ఏం జరిగిందంటే, మా వీధిలో ఒక చెల్లె ఉంది. ఇంటర్ అయిపోయి ఎప్‌సెట్ కౌన్సెలింగ్‌కి వచ్చింది. వెబ్ ఆప్షన్లకు మర్నాడు సాయంత్రమే లాస్ట్. ఇంట్లో ఫోన్ ఉంది కానీ చిన్నది. ఒకవైపు కాలేజీల లిస్టు, ఇంకోవైపు పోయిన సంవత్సరం ఏ ర్యాంకుకు ఏ కాలేజీ వచ్చిందన్న పీడీఎఫ్, రెండూ పక్కపక్కన పెట్టుకొని అరవై డెబ్బై ఆప్షన్లు వరుసలో పేర్చాలంటే ఆ ఫోన్‌లో కష్టం. బంధువులు ఇచ్చిన పాత డెస్క్‌టాప్ ఒకటి లోపలి గదిలో ఉంది. కొత్తగా పెట్టించిన ఫైబర్ రౌటర్ ముందు గదిలో ఉంది. మధ్యలో రెండు మందపాటి గోడలు. డాంగిల్ కొనుక్కొచ్చారు. నాకు ఫోన్ చేసి అడిగితే, "పెట్టు చెల్లె, దానంతట అదే పట్టుకుంటది" అని చెప్పేసి నా పనిలో పడ్డా. ఏ విండోస్, ఏ మోడల్, పెడితే ఏం కనిపిస్తోంది, ఒక్క ప్రశ్న కూడా అడగలే.

రాత్రి తొమ్మిదింటికి మళ్లీ ఫోన్. "అన్నా, వైఫై రాలే. ఇప్పుడు అన్నీ యాడ్స్ వస్తున్నయ్." వెళ్లి చూస్తే, పాపం ఫోన్‌లో "ఫ్రీ వైఫై డ్రైవర్" అని వెతికి, ఏదో సైట్ నుంచి ఒక ఫైల్ దించి, కేబుల్‌తో కంప్యూటర్‌లోకి ఎక్కించి ఇన్‌స్టాల్ చేసింది. డ్రైవర్ రాలేదు, చెత్త వచ్చింది. అలాంటి కంప్యూటర్‌లో పాస్‌వర్డ్ కొట్టడం మంచిది కాదు. అందుకని ఆ రాత్రి ఆప్షన్లన్నీ నా ల్యాప్‌టాప్‌లో పెట్టించా. ఫ్రీజ్ చేసి, ప్రింట్ కోసం పీడీఎఫ్ సేవ్ చేసేసరికి పన్నెండు దాటింది. వాళ్ల నాన్న ఒకటే మాట అన్నాడు: "తమ్మీ, గింత పుల్ల కోసం గింత లొల్లా?"

ఆ లొల్లి మీకు రాకుండా ఇప్పుడు ఒక్కొక్కటి చూద్దాం.

ముందు, ఈ పుల్ల చేసే పని ఏంటి? ఇదొక చిన్న రేడియో. వినడమే కాదు, తిరిగి మాట్లాడుతుంది కూడా. రేడియో అంటే మన జహీరాబాద్ వాళ్లకు కొత్త కాదు. పక్కనే మాచనూర్‌లో సంఘం రేడియో ఉంది కదా, 90.4 మెగాహెర్ట్జ్. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాల రేడియో అది. యునెస్కో సాయంతో 1998లోనే స్టూడియో సిద్ధమైంది. కానీ గాలిలోకి మాట పంపడానికి లైసెన్స్ కావాలి. అది రావడానికి పదేళ్లు పట్టింది. అప్పటిదాకా ఆ అక్కలు రికార్డు చేసిన కార్యక్రమాలను క్యాసెట్ల మీద ఊళ్లల్లో వినిపించారు. చివరికి 2008 అక్టోబర్ 15న ప్రసారం మొదలైంది.

మరి మన డాంగిల్ కూడా గాలిలోకి సిగ్నల్ పంపేదే కదా, దీనికి లైసెన్స్ ఎందుకు అడగట్లేదు? ఎందుకంటే కేంద్ర ప్రభుత్వం 2005లో 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌ను, తక్కువ పవర్‌తో వాడేవాళ్లకు లైసెన్స్ అక్కర్లేదని వదిలేసింది. 5 గిగాహెర్ట్జ్‌లో ఎక్కువ భాగాన్ని 2018 అక్టోబర్‌లో అలాగే వదిలింది. కమ్యూనిటీ రేడియోకు మామూలుగా 100 వాట్ల దాకా అనుమతి ఉంటే, మన డాంగిల్ పంపేది చాలావరకు 0.1 వాట్ లోపే. ఈ తేడా గుర్తుపెట్టుకోండి. ఇంత బక్క గొంతు రెండు గోడలు దాటాలంటే ఎక్కడ పెడుతున్నాం అనేది చాలా ముఖ్యం. ఆ సంగతికి మళ్లీ వస్తా.

ఇప్పుడు కొనేటప్పుడు చూడాల్సినవి. డబ్బా మీద 150 ఎంబీపీఎస్ అని ఉంటే అది 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే పట్టే సింగిల్ బ్యాండ్ అనుకోవచ్చు. ఆ 150 కూడా రౌటర్ 40 మెగాహెర్ట్జ్ వెడల్పు వాడితేనే. ఇరుగుపొరుగు వైఫైలు ఎక్కువున్న చోట రౌటర్ 20కి దిగుతుంది, అప్పుడు లింక్ స్పీడ్ 72. అందులో మనకు చేతికి అందేది సుమారు సగం. అంటే 100 ఎంబీపీఎస్ ప్లాన్ వేయించుకొని ఈ డాంగిల్‌తో 35, 40 వస్తే అది నెట్ వాళ్ల మోసం కాదు, డాంగిల్ లెక్క అంతే. రౌటర్ అదే గదిలో ఉంటే డ్యూయల్ బ్యాండ్ తీసుకోండి, 5 గిగాహెర్ట్జ్‌లో రద్దీ తక్కువ, స్పీడ్ ఎక్కువ. కానీ గోడలు అడ్డం ఉంటే 5 గిగాహెర్ట్జ్ తొందరగా నీరసపడుతుంది, 2.4 నయం. ఫారాలు నింపడానికి, క్లాసులు చూడడానికి 2.4 చాలు.

ఇంకో మాట. పైన మోడల్ నంబర్ ఒకటే ఉన్నా లోపల చిప్ వేరే ఉండొచ్చు. ఉదాహరణకు టీపీ-లింక్ డబ్ల్యూఎన్725ఎన్ మొదటి వెర్షన్‌లో ఒక రియల్‌టెక్ చిప్, రెండో వెర్షన్‌లో ఇంకోటి. డ్రైవర్లు కూడా వేరు. అందుకే లేబుల్ మీద చిన్న అక్షరాల్లో ఉండే వెర్షన్ నంబర్‌ను పెట్టకముందే ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి. పెట్టాక సీపీయూ వెనక్కి వంగి చదవలేరు.

సరే, ఇప్పుడు పెడదాం. విండోస్ 10 లేదా 11 అయితే చాలా డాంగిల్స్‌ను గుర్తుపడుతుంది. ఒక్క నిమిషం ఆగండి. కింద కుడివైపు వైఫై గుర్తు వచ్చిందా, మీ పని అయిపోయింది. రాలేదా? అప్పుడు దిస్ పీసీ తెరిచి చూడండి. కొత్తగా ఒక సీడీ డ్రైవ్ కనిపిస్తోందా? సీడీ పెట్టలేదు కదా, సీడీ డ్రైవ్ ఎక్కడి నుంచి వచ్చింది?

అసలు కిటుకు ఇక్కడే ఉంది. కొన్ని డాంగిల్స్‌లో డ్రైవర్ లోపలే దాచి ఉంటుంది. మొదటిసారి పెట్టగానే అది "నేను సీడీని" అని కంప్యూటర్‌కు చెబుతుంది. దాన్ని తెరిచి సెటప్ రన్ చేస్తే డ్రైవర్ ఎక్కుతుంది. ఆ తర్వాత అది వేషం మార్చుకొని వైఫై అడాప్టర్‌గా కనిపిస్తుంది. సెటప్ అయ్యాక కూడా మారకపోతే ఆ సీడీ డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసి ఎజెక్ట్ కొట్టండి. మా చెల్లె కంప్యూటర్‌లో జరిగింది కూడా ఇదే. సీడీ డ్రైవ్ వచ్చిందని తను చూసింది. "సీడీ ఎందుకులే" అని వదిలేసి నెట్‌లో వెతికింది. కావాల్సిన డ్రైవర్ చేతిలోని పుల్లలోనే ఉంది. "పెట్టగానే ఏం కనిపించింది చెల్లె?" అని నేను ఒక్క మాట అడిగి ఉంటే రెండు నిమిషాల్లో అయిపోయేది.

సీడీ డ్రైవ్ కూడా రాలేదంటే? విండోస్ కీ, ఎక్స్ కలిపి నొక్కి డివైస్ మేనేజర్ తెరవండి. పసుపు రంగు గుర్తుతో అన్‌నోన్ డివైస్ లాంటిది ఉంటుంది. దాని ప్రాపర్టీస్‌లో డీటెయిల్స్, అందులో హార్డ్‌వేర్ ఐడీస్ ఎంచుకోండి. వీఐడీ అని, పీఐడీ అని నాలుగేసి అక్షరాల కోడ్‌లు కనిపిస్తాయి. వీఐడీ చిప్ కంపెనీది కావచ్చు, డాంగిల్ అమ్మే కంపెనీది కావచ్చు. 0బీడీఏ అంటే రియల్‌టెక్. 148ఎఫ్ అంటే రాలింక్, దాన్ని తర్వాత మీడియాటెక్ కొనేసింది. పేరులేని డాంగిల్‌కు ఈ ఐడీయే ఆధార్ కార్డు.

డివైస్ మేనేజర్‌లో అసలేమీ కొత్తగా రాకపోతే పోర్ట్ మార్చండి. ముందువైపు పోర్టులు పాత క్యాబినెట్లలో వదులుగా ఉంటాయి, వెనకవైపు మదర్‌బోర్డు మీదున్న దానికి పెట్టండి. అయినా రాకపోతే ఇంకో కంప్యూటర్‌లో పెట్టి చూడండి. అక్కడా రాకపోతే డాంగిలే పోయినట్టు, మార్చుకురండి.

ఐడీ దొరికింది, డ్రైవర్ దించాలి. కానీ నెట్ కోసమే కదా డాంగిల్, నెట్ లేకుండా డ్రైవర్ ఎలా దించాలి? ఆండ్రాయిడ్ ఫోన్‌ను డేటా కేబుల్‌తో కంప్యూటర్‌కు కలపండి. ఫోన్ సెట్టింగ్స్‌లో హాట్‌స్పాట్, టెథరింగ్ దగ్గర యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. కంప్యూటర్‌కు నెట్ వచ్చేస్తుంది. ఫోన్ మీ ఇంటి వైఫైకి కనెక్ట్ అయి ఉంటే చాలా ఫోన్లు ఆ వైఫైనే పంచుతాయి, మీ రోజువారీ డేటా ఖర్చు కాదు. ఒక్కటి గుర్తుంచుకోండి, చార్జింగ్‌కు మాత్రమే పనికొచ్చే కేబుల్ అయితే టెథరింగ్ ఆప్షన్ వెలగదు. నిజం చెప్పాలంటే, అర్జెంట్ పని ఉన్న రోజు డాంగిల్‌తో కుస్తీ పట్టకండి. టెథరింగ్‌తో పని ముగించుకొని తర్వాత తీరిగ్గా డాంగిల్ చూసుకోండి.

నెట్ రాగానే సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ నడపండి, ఆప్షనల్ అప్‌డేట్స్‌లో డ్రైవర్ ఉంటే అదే తీసుకోండి. లేదంటే డబ్బా మీదున్న కంపెనీ సొంత సైట్‌కే వెళ్లి, మీ మోడల్, మీ వెర్షన్ చూసి దించండి. "డ్రైవర్ అప్‌డేటర్", "వన్ క్లిక్ ఫిక్స్" అనేవాటి జోలికి పోవద్దు. పొరపాటున ఇన్‌స్టాల్ చేశారా? అన్‌ఇన్‌స్టాల్ చేసి, విండోస్ సెక్యూరిటీలో ఆఫ్‌లైన్ స్కాన్ నడపండి. ముఖ్యమైన పాస్‌వర్డ్‌లు వేరే డివైస్ నుంచి మార్చుకోండి. మేం మర్నాడు పొద్దున కూర్చొని ఇదే చేశాం.

డ్రైవర్ ఎక్కింది, వైఫై కనెక్ట్ అయింది. అయినా సైట్లు తెరుచుకోవట్లేదా? ముందు కింద మూలన తారీఖు చూడండి. పాత కంప్యూటర్లలో మదర్‌బోర్డు మీది బిళ్ల బ్యాటరీ అయిపోతే, కరెంట్ తీసిన ప్రతిసారీ తారీఖు ఎప్పుడో పాత సంవత్సరానికి వెళ్లిపోతుంది. అప్పుడు బ్రౌజర్ "ఈ సైట్ సురక్షితం కాదు" అని అడ్డుకుంటుంది. తప్పు సైట్‌ది కాదు, మన గడియారంది. తారీఖు సరిచేస్తే సైట్ తెరుచుకుంటుంది. సీఆర్2032 అనే బిళ్ల కొత్తది వేస్తే మళ్లీ మళ్లీ సరిచేసే బాధ తప్పుతుంది. మా చెల్లె సిస్టంలో ఇది కూడా ఉండింది.

ఐపీ అడ్రస్ 169.254తో మొదలైతే రౌటర్ మీకు అడ్రస్ ఇవ్వలేదని అర్థం. రౌటర్ ఒకసారి ఆపి పెట్టండి, నెట్‌వర్క్‌ను ఫర్గెట్ కొట్టి పాస్‌వర్డ్ మళ్లీ ఇవ్వండి. ఫోన్‌కు కనిపించే వైఫై డాంగిల్‌కు కనిపించట్లేదా? అది 5 గిగాహెర్ట్జ్ వైఫై అయి ఉండొచ్చు, లేదా రౌటర్ 12, 13 ఛానెళ్లలో ఉండొచ్చు. వేరే దేశం సెట్టింగ్‌తో వచ్చిన కొన్ని డాంగిల్స్ 11 దాటి వినవు. రౌటర్‌ను 1, 6, 11లలో ఒకదానికి మార్చండి.

కంప్యూటర్ నిద్రలోంచి లేచాక వైఫై మాయమవుతోందా? డివైస్ మేనేజర్‌లో డాంగిల్ ప్రాపర్టీస్, పవర్ మేనేజ్‌మెంట్‌లో, పవర్ ఆదా కోసం ఈ డివైస్‌ను ఆపొచ్చు అనే దగ్గర టిక్ తీసేయండి.

ఇక మొదట చెప్పిన బక్క గొంతు సంగతి. డాంగిల్‌ను సీపీయూ వెనక పెడితే ఒకవైపు ఇనుప డబ్బా, ఇంకోవైపు గోడ. పైగా పక్కనే యూఎస్‌బీ 3.0 హార్డ్‌డిస్క్ ఉంటే దాని నుంచి వచ్చే గోల 2.4 గిగాహెర్ట్జ్‌లోనే పడుతుంది. 2012లో ఇంటెల్ వాళ్లే దీని మీద పేపర్ రాశారు. మందు చాలా చవక: ఒక మీటర్ యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ కేబుల్. డాంగిల్‌ను టేబుల్ పైకి, తలుపు వైపుకు తెచ్చి పెట్టండి. ఆ ఇంట్లో ఒక గీత ఉన్న సిగ్నల్ ఈ కేబుల్‌తోనే మూడు గీతలైంది.

లినక్స్ వాడేవాళ్లకు ఒక్క మాట. 8811సీయూ, 8821సీయూ లాంటి రియల్‌టెక్ చిప్‌లకు కెర్నల్ 6.2 నుంచి డ్రైవర్ లోపలే వస్తోంది. ఉబుంటు 24.04 లాంటిది వేస్తే చాలావరకు బయట వెతకాల్సిన పని లేదు.

రెండో విడత ఆప్షన్లు ఆ చెల్లె తన కంప్యూటర్‌లోనే, నన్ను పిలవకుండానే పెట్టుకుంది. అయిపోయాక ఫొటో పంపింది, టేబుల్ మీద డాంగిల్, స్క్రీన్ మీద తారీఖు సరిగ్గానే ఉంది. మొదటి రాత్రి నా ల్యాప్‌టాప్ ఉంది కాబట్టి సరిపోయింది. పక్కన ల్యాప్‌టాప్ పట్టుకొచ్చే అన్న లేని ఇళ్లు బోలెడు. మీలో ఎవరికైనా ఇలాంటి ఫోన్ వస్తే "పెట్టు, అయిపోతది" అనకండి. "పెడితే ఏం కనిపిస్తోంది?" అని అడగండి.

వీడియో ఉపయోగపడితే, ఇంట్లో పాత డెస్క్‌టాప్ ఉన్నవాళ్లకు షేర్ చేయండి. మీ డాంగిల్ మోడల్, వెర్షన్, హార్డ్‌వేర్ ఐడీ మూడూ రాసి అడిగితే చూసి చెబుతా. వచ్చే ఎపిసోడ్‌లో రౌటర్‌ను ఇంట్లో ఎక్కడ పెట్టాలో చూద్దాం. ఉంటా మరి, నమస్తే.