ముందు ఇరుసులో జిగట ద్రవం

పడకలు, పొయ్యి, నీళ్ల ట్యాంకు, చెక్క బీరువాలు. ఇన్ని మోస్తూ ఎత్తుగా నిలబడే క్యాంపర్ వ్యాన్‌కు తారు రోడ్డు దిగగానే కష్టాలు మొదలవుతాయి. అలాంటి బండిని బురదలో, ఇసుకలో నడిపించడానికి 1985లో ఆస్ట్రియాలోని గ్రాట్స్ నగరంలో తయారైంది ఫోక్స్‌వాగన్ టి3 సింక్రో. దాని గొప్పతనమంతా ముందు ఇరుసు దగ్గరున్న ఒక చిన్న ఉక్కు డబ్బాలో ఉంది.

ఈ వ్యాన్ల పుట్టుక 1947 నాటిది. ఆ ఏప్రిల్‌లో డచ్ వ్యాపారి బెన్ పోన్ తన నోట్‌బుక్‌లో ఒక పెట్టె బండి బొమ్మ గీశాడు: డ్రైవరు ముందు, ఇంజను వెనక, మధ్యలో సరుకు. 1950 మార్చిలో ఉత్పత్తి మొదలైంది. మరుసటి ఏడాదే వెస్ట్‌ఫాలియా సంస్థ అందులో అమర్చుకునే పడకలూ బీరువాలూ తయారుచేసింది. ఇంజను బలం 25 హార్స్‌పవర్ మాత్రమే. అందుకే రెండో ప్రపంచ యుద్ధకాలపు సైనిక వాహనం కూబెల్‌వాగన్ నుంచి ఒక ఏర్పాటు తీసుకున్నారు. వెనక చక్రాల దగ్గరే అమర్చిన పళ్ల చక్రాలు వేగాన్ని తగ్గించి లాగే బలాన్ని పెంచేవి. ఇరుసు కూడా చక్రం మధ్య కన్నా పైకి లేచేది కాబట్టి బండి అడుగు రాళ్లకు తగిలేది కాదు. ఇంజను బరువు బండిని నడిపే చక్రాల మీదే పడటంతో పట్టు కూడా బాగుండేది. గతుకుల దారికి పనికొచ్చే లక్షణాలు ఈ బండికి పుట్టుకతోనే ఉన్నాయని నా నమ్మకం.

1967లో కొత్త తరం వచ్చాక ఆ పళ్ల చక్రాలు పోయాయి. 1970ల్లో ఇంజనీరు గుస్తావ్ మాయర్ నాలుగు చక్రాలకూ శక్తి అందే నమూనాలు తయారుచేయించి సహారాలో పరీక్షించాడు. అవి అమ్మకానికి రాలేదు. ఆ కోరిక తీరింది తర్వాతి తరమైన టి3లో, స్టైర్-డైమ్లర్-పూఖ్ సంస్థ సాయంతో.

వెనకనున్న ఇంజను శక్తిని ఒక పొడవాటి షాఫ్టు ముందుకు తెస్తుంది. దానికి దారివ్వడానికి పెట్రోలు ట్యాంకును ముందు నుంచి వెనక్కి మార్చారు. షాఫ్టు చివర ఆ ఉక్కు డబ్బా ఉంటుంది. లోపల పలచని ఉక్కు బిళ్లలు వరసగా ఉంటాయి. ఒకటి విడిచి ఒకటి షాఫ్టుకు, మిగతావి ముందు చక్రాలకు కలిసి ఉంటాయి. వాటి మధ్య చిక్కటి సిలికాన్ ద్రవం. ముందూ వెనకా చక్రాలు దాదాపు ఒకే వేగంతో తిరిగితే బిళ్లలు కూడా కలిసే తిరుగుతాయి, ముందుకు పెద్దగా శక్తి వెళ్లదు. వెనక చక్రం బురదలో జారి వేగంగా తిరిగిందంటే బిళ్లల వేగాల్లో తేడా వస్తుంది. ఆముదంలో గరిటెను నెమ్మదిగా తిప్పినప్పుడు లేని ఎదురుబలం వేగంగా తిప్పితే చేతికి తెలిసినట్టే, ద్రవం బిళ్లలను పట్టి లాగుతుంది. ముందు చక్రాలకు శక్తి అందుతుంది. జారడం ఆగకపోతే ద్రవం వేడెక్కి వ్యాకోచిస్తుంది, ఒత్తిడికి బిళ్లలు ఒకదానికొకటి అదుముకుని దాదాపు ఒకే ముద్దలా తిరుగుతాయి. డ్రైవరు ఏ మీటా నొక్కనక్కర్లేదు. నాకు ఈ యంత్రంలో అన్నిటికన్నా ఇష్టమైన సంగతి ఇదే. నిటారు మిట్టలు ఎక్కడానికి మామూలు నాలుగు గేర్లకు తోడు, మొదటి గేరు కన్నా నెమ్మదైన ‘జి’ గేరు కూడా ఇచ్చారు.

నాలుగు చక్రాలూ తిరిగినా తీరని బాధ ఒకటుంది. కంకర రోడ్డు మీద అడ్డంగా లేచే అలలు బీరువాల మరలను వదులు చేస్తాయి, గిన్నెలను గలగలలాడిస్తాయి. తాబెర్లే, మోరిస్, మెక్‌ఎల్వైన్ అనే శాస్త్రవేత్తలు 2007లో ప్రచురించిన ప్రయోగాల్లో ఇసుక పొర మీద చక్రాన్ని దొర్లించి చూశారు. ఒక హద్దు వేగం దాటగానే అలలు పుట్టాయి. అవి పుట్టడానికి స్ప్రింగులు కూడా అక్కర్లేదు. డ్రైవరు చేతిలో ఉన్నది వేగం తగ్గించడం, టైర్లలో గాలి తగ్గించడం. గాలి తగ్గితే టైరు నేలమీద పొడవుగా పరుచుకుంటుంది, బరువును ఎక్కువ చోటుకు పంచుతుంది. బ్రిటిష్ సైనికాధికారి రాల్ఫ్ బాగ్నోల్డ్ లిబియా ఎడారిలో ఫోర్డ్ కార్లను ఈ పద్ధతిలోనే ఇసుక దాటించాడు. తారు రోడ్డెక్కే ముందు మళ్లీ గాలి నింపాలి, అందుకే పంపు తప్పనిసరి.

సింక్రో ఉత్పత్తి 1992లో ఆగింది. ఇప్పుడు తిరుగుతున్న బండ్లలో ఆ ద్రవానికి వయసు మీద పడింది. కొన్నింటిలో అది గట్టిపడి, వేగాల్లో తేడా కొద్దిగానే ఉన్నప్పుడు కూడా చక్రాలను బిగపట్టేస్తుంది. టైర్లు ముందొక తీరుగా, వెనకొక తీరుగా అరిగినా డబ్బా దాన్ని జారడం కిందే లెక్కేసి ఊరికే వేడెక్కుతుంది. అందుకే తెలిసినవాళ్లు నాలుగు టైర్లూ ఒకేసారి మారుస్తారు. పాత సింక్రో కొనేముందు పొడి తారు నేలమీద స్టీరింగు పూర్తిగా తిప్పి మొదటి గేరులో నెమ్మదిగా పోనిచ్చి చూస్తారు. బండి తన్నుకుంటూ ఆగబోతే, ఆ డబ్బాను విప్పించి కొత్త సిలికాన్ నింపించాల్సిందే.