ఇంటి కప్పు గట్టిపడు విధము

కాజీపేట నుండి విజయవాడకు పోవు రైలుమార్గము మీద, వరంగల్లు దాటిన పిమ్మట వచ్చు స్టేషనులలో నెక్కొండ యొకటి. వరంగల్లు జిల్లాలో ఇది మండల కేంద్రము. ప్రత్తి, మిరప, వరి పండు ప్రాంతము. ఇచ్చటను, ఇటువంటి ఇతర గ్రామములందును, మట్టిగోడల పెంకుటిండ్లున్న చోట సిమెంటు ఇండ్లు లేచుచున్నవి. 2024 మార్చిలో తెలంగాణ ప్రభుత్వము ప్రారంభించిన ఇందిరమ్మ ఇండ్ల పథకము క్రింద, సొంత స్థలము గల పేద కుటుంబమునకు 5 లక్షల రూపాయల సహాయము నిర్ణయింపబడినది. ఈ సొమ్ము ఒకేసారి చేతికి రాదు. పునాది లేచిన పిమ్మట కొంత, గోడలు పూర్తియైన పిమ్మట కొంత, స్లాబు పడిన పిమ్మట కొంత, తక్కినది చివరను వచ్చును.

అట్లు ఇల్లు కట్టుకొను కుటుంబము నొకదానిని తలచుకొందము. తల్లి, తండ్రి, ముసలి తాత, పదవ తరగతి చదువు బాలిక. పాత ఇల్లు విప్పిన చోటనే ముగ్గు పోసిరి. ఆనాటినుండి వారి దినచర్య మారినది. ప్రొద్దున లేవగానే ఒకసారి, సాయంకాలము చేనినుండి రాగానే ఒకసారి, నలుగురును పోయి కట్టడము చూచి వత్తురు. పునాది గుంటలో నల్లరేగడి పోయి గట్టి మొరము తగిలినదా అని తండ్రి తొంగి చూచును. ఇది మంచి చూపే. రేగడిమట్టి వానకు ఉబ్బును, ఎండకు కుంచించుకొనును. దానిపై నిలిచిన గోడలు ఏటవాలుగా పగులుటకు కారణము ఇదే. దర్వాజా నిలిపిన దినమున పసుపుకుంకుమలు పెట్టుదురు. గోడ జానెడు లేచినను ఇంటిల్లిపాదికి తెలియును. కాని ఆ ఇల్లు ఎన్నేండ్లు నిలుచునో నిర్ణయించు పని మాత్రము కంటికి కానరాదు. అది సిమెంటునకును నీటికిని మధ్య జరుగు పని.

గోడ కట్టునపుడే దీని సూచన కొంత కనబడును. మేస్త్రీ ఇటుకలను ముందుగా నీటిలో నానవేయించును. కాల్చిన మట్టియిటుకలో సన్నని రంధ్రము లసంఖ్యాకముగ నుండును. అది పీల్చు నీరు తన బరువులో నూటికి 20 పాళ్లకు మించరాదని సాధారణపు ఇటుకకు భారతీయ ప్రమాణము. అనగా 3 కిలోల ఇటుక 600 గ్రాముల వరకు పీల్చవచ్చును. పొడి ఇటుకను పెట్టినచో అది క్రింద పరచిన మాలులోని నీటిని లాగుకొనును. అట్టి గోడలో కొన్నాళ్లకు సందులోని మాలును గోటితో గీచిన పొడిగా రాలును. సిమెంటు తక్కువ వేసినారని ఇంటివారు మేస్త్రీని నిందింతురు. సిమెంటు సరిగానే యుండవచ్చును; దాని నీటిని ఇటుక త్రాగివేసినది.

అసలు పరీక్ష స్లాబునాడు వచ్చును. 500 చదరపు అడుగుల ఇల్లనుకొన్నచో, కప్పు వైశాల్యము సుమారు 46 చదరపు మీటర్లు. మందము 12 సెంటీమీటర్లు. అనగా ఐదున్నర ఘనపు మీటర్ల కాంక్రీటు. ఒక పాలు సిమెంటు, ఒకటిన్నర పాళ్లు ఇసుక, మూడు పాళ్లు కంకర కలుపు పద్ధతిలో దీనికి సుమారు 45 బస్తాల సిమెంటు కావలెను. తయారైన కప్పు బరువు దాదాపు 14 టన్నులు. ఆ బరువు క్రిందనే కుటుంబము నిదురించును.

స్లాబు పడిన మరునాడు మేస్త్రీ కప్పుమీద మాలుతో చిన్న చిన్న గట్లు పోసి, వరిమళ్లవలె చేసి, నీరు నింపుమని చెప్పును. తాతకు ఇది వింతగా తోచును. “ఎండితేనే గద గట్టిపడేది, మళ్ల నీళ్లెందుకు?” అని అడుగును. ఈ ప్రశ్నను తేలికగా త్రోసివేయరాదు. ఆయన జీవితమంతయు మట్టిగోడల ఇంటిలో గడచినది. మట్టి విషయమున ఆయన చెప్పినది సత్యము. తడిమట్టిలోని నీరు ఆవిరియైన కొలది మట్టిరేణువులు దగ్గరకు చేరి ఒకదానినొకటి పట్టుకొనును. ఇందులో క్రొత్త పదార్థమేదియు పుట్టదు. కావుననే మరల వాన తగిలిన మట్టిగోడ కరగును. ఆ భయముచేతనే పాత ఇండ్లకు చూరు బాగుగా ముందుకు దించెడివారు.

మట్టి తరువాత మనదేశమున చిరకాలము వాడబడినది సున్నము. సున్నపురాతిని సుమారు 900 డిగ్రీల వేడిలో కాల్చినచో బొగ్గుపులుసు వాయువు వెడలిపోయి పొడిసున్నము మిగులును. దీనిని నీటితో విరియించి, ఇసుకతో కలిపి గానుగలో రుబ్బినచో డంగుసున్నమగును. గోడకు పట్టించిన పిదప ఇది గాలిలోని బొగ్గుపులుసు వాయువును మెల్లగా తిరిగి తీసికొని మరల రాయిగా మారును. గాలి లోపలికి పోవుట కష్టము గనుక మందమైన గోడలో ఈ మార్పునకు ఏండ్లు పట్టును. పాలంపేటలో 1213లో వెలసిన రామప్ప దేవాలయపు పునాదులలో ఇసుక నింపిన విధానమును గూర్చి వరంగల్లు విద్యార్థులు వినియే యుందురు. అది వేరొక వ్యాసమునకు తగిన విషయము.

సిమెంటు ఈ రెండింటివంటిది కాదు. ఇది ఎండి గట్టిపడదు, గాలి పీల్చి గట్టిపడదు. నీటితో సంయోగము చెంది గట్టిపడును. ఇంగ్లండులో జోసెఫ్ ఆస్ప్‌డిన్ అను తాపీ పనివాడు 1824లో పోర్ట్‌లాండు సిమెంటునకు హక్కుపత్రము పొందెను. సున్నపురాయిని, బంకమట్టిని కలిపి, తిరుగుచుండు పెద్ద గొట్టపు బట్టీలో సుమారు 1450 డిగ్రీల వద్ద కాల్చి, వచ్చిన గడ్డలను కొద్దిపాటి జిప్సముతో మెత్తగా పొడిచేసినదే నేటి సిమెంటు. తెలంగాణలో కృష్ణాతీరపు సున్నపురాయి ఆధారముగా నల్లగొండ, సూర్యాపేట జిల్లాలలో ఇట్టి కర్మాగారములు కలవు. ఆ పొడిలో ముఖ్యమైనవి కాల్షియము సిలికేటులు. నీరు తగులగానే ఇవి మారి జిగురువంటి క్రొత్త పదార్థముగా ఏర్పడును. ఆ జిగురు ప్రతి రేణువు చుట్టును పెరిగి, ప్రక్క రేణువు జిగురుతో పెనవేసికొని, ఇసుకను కంకరను బంధించును. ఈ క్రియను గూర్చి ఫ్రెంచి రసాయనజ్ఞుడు హెన్రీ లె షాటెలియే 1887లోనే పరిశోధన గ్రంథము వెలువరించెను. క్రియ జరుగునపుడు వేడి పుట్టును; స్లాబు పడిన రాత్రి దానిమీద చేయి వేసి చూచినచో బాలికకును తెలియును.

సిమెంటు నీటిలో మునిగియున్నను గట్టిపడుననుటకు సాక్ష్యము వెదుకనక్కరలేదు. ఏటి నడుమ నిలిచిన వంతెన స్తంభములు చాలును.

ఇక నీటి లెక్క. 50 కిలోల బస్తా సిమెంటు రసాయనికముగ కలుపుకొను నీరు 12 లీటర్లకు కొంచెము తక్కువ. ఏర్పడిన జిగురు తన సూక్ష్మరంధ్రములలో పట్టియుంచు నీటినికూడ చేర్చినచో సుమారు 20 లీటర్లు. ఇసుక, కంకర సెంట్రింగులో సరిగా సర్దుకొనుటకై మరికొంత కావలెను గాన, 25 నుండి 27 లీటర్ల వరకు పోయుదురు. అంతకు మించి పోసిన నీటికి కాంక్రీటులో పనిలేదు. కొంత పైకి తేలును. తక్కినది లోపలనే నిలిచి, తరువాత ఆవిరియై, తానున్న చోటిని ఖాళీగా విడిచిపోవును. నీరు పెరిగిన కొలది బలము తగ్గునను నియమమును అమెరికాలో డఫ్ ఏబ్రమ్స్ 1918లో అనేక ప్రయోగములపై నిరూపించెను. బస్తాకు 25 లీటర్లకు బదులు 35 లీటర్లు పోసినచో బలము మూడవ వంతు, ఒక్కొక్కప్పుడు సగము కూడ తగ్గును.

ఇది తెలిసియు ఎక్కువ నీరు పోయుదురేల? పలుచని మాలు తట్టలోనుండి తేలికగా జారును, ఇనుప కడ్డీల నడుమ తనంతట పారును. ఎండలో నిచ్చెనలెక్కి తట్టలు మోయు కూలీల బాధ చూచినవారు వారిని తప్పుపట్టలేరు. దానికి విరుగుడు నీరు కాదు. గట్టిగా కలిపిన కాంక్రీటును యంత్రముతో అదిరించి కూర్పించుటకు కావలసిన అద్దె, ఓపిక ఉండవలెను. ఈ ఖర్చు ఇంటి యజమాని ముందే లెక్కలో చేర్చుకొనవలసినది.

బస్తాకు 10 లీటర్ల చొప్పున 45 బస్తాలకు అదనపు నీరు 450 లీటర్లు, అనగా 15 లీటర్ల బిందెలు 30. ఆ ఒక్కదినమున ఈ 30 బిందెలు ఇంటికి శత్రువులు. మరునాటినుండి అవే 30 బిందెలు కావలసివచ్చును. ఎట్లనగా, వేసవిలో కప్పుమీది మళ్లనుండి రోజునకు ఒక సెంటీమీటరు నీరు ఆవిరియైనదనుకొన్నను, 46 చదరపు మీటర్లమీద అది 460 లీటర్లు. మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటు ఈ ప్రాంతమున ఆ నీటిని ప్రతిదినము భర్తీ చేయవలెను. బోరు దగ్గర లేని ఇంట ఆ బిందెలు తల్లి నెత్తిమీదనే పైకెక్కును. గోనెసంచులు పరచి తడుపుచుండినచో నీరు తక్కువ పట్టును. కాని అవి మధ్యాహ్నము ఎండిపోకుండ చూచు మనిషి యుండవలెను.

నీరు పట్టుట మానినచో ఏమగును? మొదట కలిపిన నీరు చాలినంత కలదు గదా అని బాలిక అడుగవచ్చును. కలదు, కాని ఎండకును గాలికిని అది పైపొరనుండి పారిపోవును. లోపలి తేమ నూటికి 80 పాళ్లకు తగ్గెనా, జిగురు పెరుగుట దాదాపు నిలిచిపోవును. సగము మారిన సిమెంటు రేణువులు అట్లే నిదురించును. పైనుండి చూచువారికి స్లాబు తెల్లగా, గట్టిగానే కనబడును. కనుకనే ఇది మోసపుచ్చు లోపము.

ఎన్ని దినములు నీరు పట్టవలెను? మామూలు సిమెంటునకు కనీసము 7 దినములు, ఎండ తీవ్రముగా నున్నచో 10కి తగ్గరాదని భారతీయ ప్రమాణము. నేడు దుకాణములలో విరివిగా దొరకునది బొగ్గు బూడిద కలిపిన సిమెంటు. బూడిద మెల్లగా పనిచేయును గాన దానికి 10 దినములు తప్పనిసరి, 14 దినములు మేలు. బస్తామీది అక్షరములు చదివి ఏ రకమో తెలిసికొనుట పదవ తరగతి బాలికకు కష్టము కాదు. 7 దినములకు వచ్చు బలము, 28 దినములకు వచ్చుదానిలో సుమారు మూడింట రెండు వంతులు.

ఇక్కడ విడతల సొమ్ము మాట మరల వచ్చును. పునాదికి, గోడలకు, స్లాబునకు సొమ్ము కలదు. స్లాబుపై నీరు నిలిచిన పదునాలుగు దినములకు వేరుగా సొమ్ము లేదు. ఆ దినములలో కట్టడము ఎదుగదు. చూడవచ్చిన చుట్టములకు చూపుటకేమియు నుండదు. అద్దె ఇంటిలోనో పాకలోనో తలదాచుకొన్న కుటుంబమునకు తొందర సహజము. సెంట్రింగు సామాను అద్దె రోజుకింత చొప్పున పెరుగుచుండును. కావున ఆనించిన కర్రలు, గొట్టములు త్వరగా తీయింపవలెనను ఆశ కలుగును. గోడకు గోడకు నడుమ నాలుగున్నర మీటర్లలోపు దూరముగల స్లాబు క్రింది ఆనికలు, మామూలు సిమెంటైనచో, 7 దినములవరకు కదల్పరాదు. దూరము అంతకు మించినచో 14 దినములు. బూడిద కలిసిన సిమెంటునకు ఇంకను ఆగవలెను.

తొందర ఫలము ఆ యేటనే కనబడదు. కాంక్రీటులోని సున్నపు క్షారగుణము ఇనుప కడ్డీలను తుప్పు పట్టకుండ కాపాడుచుండును. రంధ్రములు ఎక్కువైన కాంక్రీటులోనికి తేమ, ప్రాణవాయువు, బొగ్గుపులుసు వాయువు సులభముగా దిగును; చివరి వాయువు ఆ క్షారమును హరించును. కడ్డీకి తుప్పు పట్టును. తుప్పు ఇనుముకంటె ఎన్నోరెట్లు చోటు ఆక్రమించును గాన, లోపలనుండి త్రోసి, కప్పు అడుగుభాగమును పెచ్చులుగా ఊడదీయును. కడ్డీ క్రింద 20 మిల్లీమీటర్ల కాంక్రీటు ఉండునట్లు చిన్న సిమెంటు బిళ్లలు పెట్టుట అందుకే. స్లాబునాటి ఉదయము కుటుంబములోని వారెవరైన సెంట్రింగుపైకెక్కి ఆ బిళ్లలున్నవో లేవో చూచుట మంచిది. కాంక్రీటు పడిన పిదప చూచుటకు వీలు లేదు.

ఉపాధ్యాయులు ఈ విషయమును తరగతిలో తేలికగా చూపవచ్చును. ఒక పాలు సిమెంటు, మూడు పాళ్లు ఇసుక కలిపి, 20 సెంటీమీటర్ల పొడవు, రెండేసి సెంటీమీటర్ల వెడల్పు, ఎత్తు గల కడ్డీలను చెక్క అచ్చులలో పోయవలెను. సిమెంటు నీరు చర్మమును కొరుకును గనుక చేతికి తొడుగు తప్పక యుండవలెను. మూడు కడ్డీలను ఒకరోజు తరువాత ఎండలో పెట్టవలెను; మూడింటిని నీటిలో ముంచియుంచవలెను; మరి మూడింటిని ఎక్కువ నీటితో కలిపి పోసి, వానినికూడ నీటిలోనే యుంచవలెను. ఒక్కొక్క రకమున ఒక్కటే చేసినచో పొరపాటునకు తావుండును. 28 దినముల పిదప అన్నింటిని ఒక రాత్రి నానబెట్టి, సమానమైన తడితో పరీక్షింపవలెను. రెండు ఇటుకలపై కడ్డీని వంతెనవలె నిలిపి, నడుమ బకెట్టు వ్రేలాడదీసి, చెంబుతో కొలిచి నీరు పోయుచు, ఎన్ని లీటర్లకు విరిగినదో వ్రాసికొనవలెను. విరిగిన ముఖములను గోటితో గీచి, ఏది పొడిగా రాలునో చూడవలెను.